గుడ్డ న్యాపీలు: అపోహలు - వాస్తవాలు (ఉప్పు నీళ్ళ ఊళ్ళ వాళ్ళ కోసం)

కావలిలో పిల్లల బట్టలు కుడతాను, గుడ్డ న్యాపీలు కూడా. అమ్మే మనిషి తన సరుకే గొప్పదంటుందిలే అనుకుంటారేమో గానీ, ఒకేసారి ఇరవై ముక్కల సెట్ కావాలని వచ్చేవాళ్ళని ఆపేది నేనే. ముందు రెండు తీసుకెళ్ళండి, మీ ఇంటి నీళ్ళతో ఉతకండి, మీ బిడ్డ తొడలకి సరిపోయిందో లేదో చూడండి, మిగతాది తర్వాత మాట్లాడుకుందాం.

అపోహ: న్యాపీ వేస్తే దొడ్డికాళ్ళు వస్తాయి.
ప్రతి ఇంట్లో జేజి చెప్పే మాటే ఇది. కడుపులో ముడుచుకుని పెరుగుతారు కాబట్టి పుట్టిన పిల్లల కాళ్ళు కాస్త వంపుగానే ఉంటాయి, మామూలుగా ఏడాదిన్నర, రెండేళ్ళకి వాటంతటవే చక్కబడతాయి. కాళ్ళ మధ్య గుడ్డ మందంగా ఉంటే నష్టమేం లేదు. రెండు కాళ్ళూ తిన్నగా చాపి పొత్తిగుడ్డలో బిగించి చుడతారు చూడండి, తుంటి కీలుకి ప్రమాదం దాంతోనే. దాని గురించి ఎవరూ మాట్లాడరు!

అపోహ: కొత్తది కారిందంటే నాసిరకం.
కొత్త నూలు గుడ్డలో సహజంగా ఉండే జిడ్డు పోయేదాకా అది తడి పీల్చదు. నాలుగైదు ఉతుకులు పడ్డాక దానిమీద ఒక నీటి చుక్క వేయండి. వెంటనే ఇంకితే సరే, ముత్యంలా నిలబడితే ఇంకా ఉతకాలి. అప్పటికీ కారుతుంటే కొలత చూడండి. ఎలాస్టిక్ తొడ మీద కాదు, తొడ సందులో కూర్చోవాలి. నడుము దగ్గర రెండు వేళ్ళు దూరాలి. 'ఫ్రీ సైజ్' అని అమ్మేవి అన్ని టిచ్ బటన్లు బిగించినా సన్నగా పుట్టిన బిడ్డకి తొడల దగ్గర సందు మిగులుతుంది, మొదటి నెలల్లో మడత గుడ్డలే నయం.

అపోహ: తడి పీల్చడానికి న్యాపీ లోపల పెట్టే ప్యాడ్లలో వెదురు, బొగ్గువే మేలు రకం.
వెదురు గుడ్డ అంటే చాలావరకు వెదురు గుజ్జుని రసాయనాలతో కరిగించి తీసిన రేయాన్. మెత్తగా ఉంటుంది, బాగానే పీలుస్తుంది, అంతకు మించి మహిమేం లేదు. బొగ్గు రంగు ప్యాడ్‌కి ఉన్న సుఖం మరక కనపడకపోవడం. మైక్రోఫైబర్, అంటే సన్నటి సింథటిక్ పోగుల గుడ్డ, గబగబా పీలుస్తుంది గానీ, బిడ్డ కూర్చుంటే ఆ ఒత్తిడికి తడి బయటికి వదిలేస్తుంది. దాన్ని నేరుగా చర్మానికి తగలనివ్వకండి, ఉన్న తేమ కూడా లాగేస్తుంది. నన్నడిగితే బాగా నలిగిన నూలు చీర, అది వెంకటగిరిదైతే ఇంకా మంచిది, నాలుగు మడతలేసి న్యాపీ కవర్లో, అంటే తడి బయటికి రాకుండా పైన తొడిగేదాంట్లో, పెట్టుకోండి. పైసా ఖర్చు లేదు.

అపోహ: మరగబెట్టి, డెట్టాల్ పోసి, వాసన కండిషనర్‌లో ముంచితేనే శుభ్రం.
మా దగ్గరికి పాడై వచ్చే కవర్లలో ఎక్కువ ఇట్లా చచ్చినవే. కవర్ లోపల నీళ్ళు దిగకుండా పీయూఎల్ అనే పలచని పొర ఉంటుంది, మరిగే నీళ్ళకి, ఘాటు మందులకి అది ఊడిపోతుంది. మరగబెట్టాలనుంటే ఉత్త నూలు గుడ్డల్ని మరగబెట్టుకోండి. కండిషనర్ అయితే వద్దే వద్దు, పోగుల మీద పొరలా పట్టి పీల్చే గుణాన్ని చంపేస్తుంది.

అసలు తంటా నీళ్ళతో. కనిగిరి, పొదిలి వైపు నుంచి వచ్చేవాళ్ళు "ఉతికేకొద్దీ గట్టిపడుతోందక్కా" అంటారు. ఉప్పు బోరు నీళ్ళలో సబ్బుబిళ్ళ రుద్దితే నురగ రాదు, తెల్లటి తెట్టు కట్టి గుడ్డలోనే మిగిలిపోతుంది. బిళ్ళ మానేసి డిటర్జెంట్ పౌడర్ వాడండి, పిల్లల బట్టలు కదా అని చిటికెడు వేయకుండా సరిపడా వేసి, ఆఖరి జాడింపు మాత్రం మంచినీళ్ళలో పెట్టండి. ఇంకోటి, రోజంతా బకెట్లో నానబెట్టొద్దు. పాకే బిడ్డ ఉన్న ఇంట్లో నీళ్ళ బకెట్ ప్రాణాల మీదికి తెస్తుంది.

అపోహ: గుడ్డ వాడితే ఒరుపు రాదు.
తడి గుడ్డ ఒంటికి అంటుకుని ఉంటే ఎందుకు రాదు? రెండు మూడు గంటలకోసారి మార్చాలి, దొడ్డికి పోతే వెంటనే. పౌడర్ చల్లకండి, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. గజ్జల మడతల్లో ఎర్రగా కంది, చుట్టూ విడివిడిగా చిన్న పొక్కులుంటే అది ఫంగస్ కావచ్చు, పిల్లల డాక్టరుకి చూపించండి.

అపోహ: వాడితే పూర్తిగా గుడ్డే వాడాలి.
ఎవరన్నారు? మనకి ఈశాన్య రుతుపవనాల ముసురు పట్టిందంటే లావుపాటి ప్యాడ్లు రెండు రోజులైనా ఆరవు. ఆ నెలల్లో పుట్టిన బిడ్డకి విప్పి ఆరేసే పలచని గుడ్డలు ఎక్కువ పెట్టుకుని, రాత్రికి మామూలు డైపర్ వేసినా తప్పు లేదు.

అపోహ: గుడ్డ ఏదైనా పర్యావరణానికి మంచిదే.
అది ఉతికే తీరుని బట్టి ఉంటుంది. బ్రిటన్ పర్యావరణ సంస్థ 2008 నివేదికలో తేల్చింది కూడా ఇదే: మెషీన్ నిండుగా వేసి, తీగ మీద ఆరేసి, రెండో బిడ్డకీ వాడితేనే గుడ్డకి లాభం. ఎండకి మనకేం కరువు లేదు. నూలు ప్యాడ్లు ఎండలో వేస్తే మరకలూ పోతాయి, కవర్లు మాత్రం నీడలో ఆరేయండి. రెండో బిడ్డ నాటికి ఎలాస్టిక్ వదులైతే పారేయకండి, ఏ టైలరైనా మార్చిస్తారు. లోపలి పొర బుడగలు లేచి ఊడిందా, ఇంక దాన్ని నేనూ బాగు చేయలేను.