విండోస్ 11లో డిస్క్ క్యాచీ సాఫ్ట్‌వేర్: అపోహలు - వాస్తవాలు

2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ సపోర్ట్ ఆగిపోయింది. అప్పటి నుంచి సర్వీసుకి వచ్చే సిస్టమ్‌లలో చాలావరకు విండోస్ 11కి మారినవో, మారబోతున్నవో. మారినవాళ్లు ఎక్కువగా అడిగేది ఇదే: "కొత్త విండోస్ స్లోగా ఉందండీ, డిస్క్ క్యాచీ సాఫ్ట్‌వేర్ వేస్తే స్పీడ్ పెరుగుతుందటగా?" కొందరు వీడియో చూసి ముందే వేసేసుకుని, ఫైళ్లు తెరుచుకోవడం లేదని వస్తున్నారు. ఆ ఫైళ్లలో ఏడాది మొత్తం షాపు లెక్కలు ఉంటాయి, పిల్లల ఫొటోలు ఉంటాయి. అందుకే ఇది రాస్తున్నాను.

ముందు ఇది చేసే పని ఏమిటో చూద్దాం. డిస్క్ నుంచి ఒకసారి చదివిన డేటాకి ర్యామ్‌లోనో, వేగంగా పనిచేసే చిన్న ఎస్‌ఎస్‌డీలోనో ఒక కాపీ ఉంచుకుంటుంది. మళ్లీ అదే డేటా కావాల్సినప్పుడు డిస్క్ దాకా వెళ్లకుండా ఆ కాపీని ఇస్తుంది. ప్రైమోక్యాష్, శాంసంగ్ మెజీషియన్‌లోని ర్యాపిడ్ మోడ్ ఈ కోవకి చెందినవే. అవి చెడ్డ సాఫ్ట్‌వేర్లేమీ కావు. వాటి మీద పెట్టుకునే ఆశలే తప్పు.

అపోహ: ఖాళీగా ఉన్న ర్యామ్‌ని విండోస్ వాడుకోదు, వృథాగా వదిలేస్తుంది.

టాస్క్ మేనేజర్ తెరిచి పెర్ఫార్మెన్స్‌లో మెమరీ మీద నొక్కండి. కింద 'క్యాచ్డ్' అని ఒక అంకె కనిపిస్తుంది. 16 జీబీ ర్యామ్ ఉన్న సిస్టమ్‌ని పొద్దుట్నుంచి వాడుతుంటే, సాయంత్రానికి అక్కడ చాలా జీబీలే ఉంటాయి. అదంతా మీరు వాడిన ఫైళ్లు, ప్రోగ్రాములకి సంబంధించిన డేటానే. ఏదైనా ప్రోగ్రాముకి ర్యామ్ అవసరమైతే విండోస్ ఆ స్థలాన్ని అప్పటికప్పుడు ఖాళీ చేసి ఇస్తుంది.

ఈ అపోహకి ఒక కారణం ఉంది. డాస్, విండోస్ 3.1 రోజుల్లో స్మార్ట్‌డ్రైవ్ అనే ప్రోగ్రామ్‌ని విడిగా లోడ్ చేసుకోవాల్సి వచ్చేది. విండోస్ 95 నాటికే క్యాచీ సిస్టమ్‌లో భాగమైపోయి, అవసరాన్నిబట్టి దానంతట అదే పెరుగుతూ తగ్గుతూ ఉండేది. అయినా "క్యాచీ మనమే పెట్టుకోవాలి" అన్న సలహా మాత్రం ఇప్పటికీ తిరుగుతూనే ఉంది.

8 జీబీ ర్యామ్ ఉన్న లాప్‌టాప్‌లో 2 జీబీ ఇలాంటి సాఫ్ట్‌వేర్‌కి రాసిచ్చేస్తే ఏమవుతుంది? ఆ 2 జీబీ ఇక విండోస్ చేతిలో ఉండదు. ఒకే ఫైలు విండోస్ క్యాచీలో ఒకసారి, ఈ సాఫ్ట్‌వేర్ క్యాచీలో ఇంకోసారి కూర్చోవచ్చు. ఈలోపు బ్రౌజర్లో ఇరవై ట్యాబులు తెరిస్తే ర్యామ్ చాలక విండోస్ పేజ్‌ఫైల్‌లోకి, అంటే మళ్లీ డిస్క్ మీదకే, రాయడం మొదలుపెడుతుంది. డిస్క్‌కి పని తగ్గిద్దామని వేసిన సాఫ్ట్‌వేరే దానికి పని పెంచుతుంది.

అపోహ: స్పీడ్ టెస్ట్‌లో అంకెలు పది రెట్లు పెరిగాయి, కాబట్టి డిస్క్ స్పీడ్ పెరిగింది.

ఎక్కువమంది నమ్మేది దీన్నే. ముందు, తర్వాత అని పక్కపక్కనే స్క్రీన్‌షాట్లు పెడతారు. సాటా అనే పాత తరహా కనెక్షన్‌తో పనిచేసే ఎస్‌ఎస్‌డీ సెకనుకి 550 ఎంబీ దగ్గర ఆగాలి. స్క్రీన్‌షాట్‌లో మాత్రం వేలల్లో ఉంటుంది.

దీని వెనక సంగతి ఇదీ. క్రిస్టల్‌డిస్క్‌మార్క్ లాంటి టెస్టులు విండోస్ ఫైల్ క్యాచీని పక్కనపెట్టి డిస్క్‌ని నేరుగా కొలవాలని చూస్తాయి. క్యాచీ సాఫ్ట్‌వేర్ మాత్రం ఫైల్ సిస్టమ్‌కి (ఫైళ్లని డిస్క్ మీద అమర్చే విండోస్ భాగానికి) కింద, డిస్క్‌కి పైన కూర్చుంటుంది. కాబట్టి టెస్ట్ డిస్క్‌ని అడిగాననుకుంటుంది, జవాబు ర్యామ్ నుంచి వస్తుంది. టెస్ట్ వాడే ఫైలు మామూలుగా 1 జీబీ. మీరు పెట్టిన క్యాచీ 2 జీబీ అయితే ఆ ఫైలు మొత్తం ర్యామ్‌లోనే పట్టేస్తుంది. అక్కడ కొలిచింది మీ ర్యామ్ స్పీడే.

నిజంగా తేడా వచ్చిందా అని తెలియాలంటే మీ పనితోనే కొలవండి. సిస్టమ్‌ని రీస్టార్ట్ చేసి, మీరు రోజూ వాడే సాఫ్ట్‌వేర్ తెరుచుకోవడానికి ఎంతసేపు పడుతుందో ఫోన్లో స్టాప్‌వాచ్ పెట్టి చూడండి. క్యాచీతో, క్యాచీ లేకుండా. ఎస్‌ఎస్‌డీ ఉన్న సిస్టమ్‌లో సాధారణంగా చెప్పుకోదగ్గ తేడా ఉండదు.

అపోహ: రైట్ క్యాచీ ఆన్ చేస్తే లాభమే కానీ నష్టం లేదు. కరెంటు పోయినా ఎన్‌టీఎఫ్‌ఎస్ (విండోస్ వాడే ఫైల్ సిస్టమ్) చూసుకుంటుంది.

దయచేసి ఈ ఒక్క భాగం నెమ్మదిగా చదవండి.

చదివే డేటా క్యాచీలో ఉంటే ప్రమాదం లేదు. అది పోయినా అసలుది డిస్క్ మీద ఉంటుంది. రాయాల్సిన డేటాని ర్యామ్‌లో ఆపి తర్వాత రాస్తానంటేనే చిక్కు. విండోస్ కూడా కొంచెంసేపు ఆపుతుంది, కానీ సెకనుకోసారి లేచి, ఆగి ఉన్నదాంట్లో కొంత భాగాన్ని డిస్క్‌కి పంపిస్తూ ఉంటుంది. క్యాచీ సాఫ్ట్‌వేర్లలో ఈ ఆలస్యాన్ని పదుల సెకన్లకీ, ఇంకా ఎక్కువకీ పెంచుకోవచ్చు. ఆ వ్యవధిలో కరెంటు పోతే, మీరు సేవ్ చేశాననుకున్న బిల్లులు డిస్క్ మీద ఉండవు.

ఎన్‌టీఎఫ్‌ఎస్ జర్నల్, అంటే అది మార్పుల్ని రాసుకునే చిట్టా, కాపాడేది ఫోల్డర్లు, ఫైళ్ల పేర్లు, ఏది ఎక్కడుందన్న లెక్కని. ఫైలు లోపలి డేటాకి అది పూచీ పడదు. పైగా ఏది ముందు రాయాలి, ఏది తర్వాత రాయాలన్న వరుస తప్పకుండా ఉంటేనే ఆ లెక్కయినా సరిగ్గా ఉంటుంది. అకౌంట్స్ సాఫ్ట్‌వేర్ డేటాబేసులకీ ఆ వరుసే ప్రాణం.

డివైస్ మేనేజర్లో డిస్క్ ప్రాపర్టీస్‌లోకి వెళ్తే పాలసీస్ కింద రెండు టిక్కులు ఉంటాయి. మొదటిది, డిస్క్ సొంత రైట్ క్యాచీకి సంబంధించినది, మామూలుగా ఆన్‌లోనే ఉంటుంది, దాన్ని అలాగే ఉంచండి. రెండోది, విండోస్ బఫర్ ఫ్లషింగ్‌ని ఆపేది, పెట్టకండి. అది పెడితే "ఇది ఇప్పుడే డిస్క్ మీద పడాలి" అన్న ఆదేశాన్ని విండోస్ డిస్క్‌కి పంపడం మానేస్తుంది.

యూపీఎస్ ఉంది, లాప్‌టాప్‌కి బ్యాటరీ ఉంది కదా అంటారు. కరెంటు పోవడం ఒక్కటే ప్రమాదం కాదు. బ్లూ స్క్రీన్ వచ్చినా, హ్యాంగ్ అయ్యి పవర్ బటన్ నొక్కి పట్టుకున్నా ర్యామ్‌లో ఉన్నది పోతుంది. ఇక ఎండాకాలంలో మన ఊళ్ల కరెంటు సంగతి, రెండేళ్లు దాటిన యూపీఎస్ బ్యాటరీ సంగతి మీకు తెలియంది కాదు.

అపోహ: పెన్‌డ్రైవ్ పెట్టి రెడీబూస్ట్ ఆన్ చేస్తే చాలు.

పెన్‌డ్రైవ్‌ని క్యాచీగా వాడుకునే రెడీబూస్ట్ 2007లో విండోస్ విస్టాతో జనంలోకి వచ్చింది. ర్యామ్ 1 జీబీ ఉన్న రోజులవి. ఎస్‌ఎస్‌డీ ఉంటే విండోస్ 7 కూడా దాన్ని వద్దనేది. విండోస్ 11కి వచ్చిన 22హెచ్2 అప్‌డేట్ నుంచి అది లేదు.

అపోహ: విండోస్ 10లో బాగా పనిచేసింది, అప్‌గ్రేడ్ చేసినా అలాగే నడుస్తుంది.

ఇవి మామూలు ప్రోగ్రాములు కావు. విండోస్‌కి గుండెకాయ లాంటి కెర్నల్ లోపల డ్రైవర్ వేసుకుని పనిచేస్తాయి. విండోస్ 11తో వచ్చే కొత్త సిస్టమ్‌లలో మెమరీ ఇంటెగ్రిటీ అన్న రక్షణ ఎక్కువగా ఆన్‌లోనే ఉంటుంది, దానికి సరిపడని పాత డ్రైవర్‌ని లోడ్ కానివ్వదు. ఆ రక్షణని ఆపేసి డ్రైవర్ నడిపించమనే సలహా వినకండి. ఒక స్పీడ్ సాఫ్ట్‌వేర్ కోసం మొత్తం సిస్టమ్ భద్రతని వదులుకోవడం ఏ లెక్కలో చూసినా నష్టమే.

అప్‌గ్రేడ్‌కి ముందు ఆగి ఉన్న డేటా అంతా డిస్క్ మీదకి రాయించి, క్యాచీ తీసేసి, సాఫ్ట్‌వేర్ అన్ఇన్‌స్టాల్ చేసి, ఒకసారి రీస్టార్ట్ చేయండి. తర్వాతే అప్‌గ్రేడ్.

ఒకే సిస్టమ్‌లో లినక్స్ కూడా ఉన్నవాళ్లకి ఇంకో హెచ్చరిక. ఎస్‌ఎస్‌డీ మీద ఉంచే క్యాచీ రీస్టార్ట్ తర్వాత కూడా అలాగే ఉండొచ్చు. మీరు లినక్స్‌లోకి వెళ్లి అదే విండోస్ డ్రైవ్‌లో ఫైళ్లు మార్చి తిరిగొస్తే, ఆ మార్పులు క్యాచీకి తెలియవు. పాత కాపీనే ఇస్తుంది. డ్రైవ్ అలా పాడైతే చక్కదిద్దడం చాలా కష్టం.

మరి నిజంగా పనికొచ్చేది ఎక్కడ?

పెద్ద హార్డ్ డిస్క్ ముందు చిన్న ఎస్‌ఎస్‌డీని క్యాచీగా పెట్టినప్పుడు. నిమిషానికి 5400 సార్లు తిరిగే డిస్క్‌కి ఒక చుట్టు 11 మిల్లీసెకన్లు. సగటున అర చుట్టు ఆగాలి, డేటా చదివే హెడ్ కదలడానికి ఇంకొంచెం. అందుకే చెల్లాచెదురుగా ఉన్న చిన్న ముక్కల్ని సెకనుకి వందైనా చదవలేదు. ఎస్‌ఎస్‌డీ వేలల్లో చదువుతుంది. ఇంటెల్ 2017లో తెచ్చిన 16, 32 జీబీ ఆప్టేన్ మెమరీ చేసింది ఈ పనే. ఎస్‌ఎస్‌డీల ధరలు దిగొచ్చాక దాని అవసరం తగ్గింది. 2022లో ఇంటెల్ ఆప్టేన్‌ని ఆపేస్తున్నట్టు ప్రకటించింది.

నా దగ్గరికి వచ్చేవాళ్లకి విండోస్‌ని ఎస్‌ఎస్‌డీ మీద పెట్టుకోమనే చెబుతాను. పాత 120 జీబీ ఎస్‌ఎస్‌డీ ఊరికే పడి ఉంటే, గేములున్న హార్డ్ డిస్క్‌కి చదివే క్యాచీగా మాత్రమే వాడుకోవచ్చు. పెళ్లి వీడియోలు ఎడిట్ చేసే స్టూడియోలకి ఇది అంతగా కలిసిరాదు. వాళ్లవి వందల జీబీల ఫైళ్లు. మొదటినుంచి చివరిదాకా ఒకసారి చదివే ఫైలుకి కాపీ ఉంచుకుని లాభమేముంది?

ఏది వేసేముందైనా టాస్క్ మేనేజర్లో డిస్క్ మీద నొక్కి యావరేజ్ రెస్పాన్స్ టైమ్ చూడండి. ఒకటి రెండు మిల్లీసెకన్లే ఉంటే మీ సమస్య డిస్క్‌లో లేదు. స్టార్టప్‌లో లోడయ్యే ప్రోగ్రాములు, వేడెక్కిన ప్రాసెసర్, ర్యామ్ చాలకపోవడం, వీటిలో వెతకండి. హార్డ్ డిస్క్ పెద్ద పనేమీ లేకుండానే వందల మిల్లీసెకన్లు చూపిస్తుంటే క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫోతో దాని ఆరోగ్యం చూడండి. 'కాషన్' అని పసుపు రంగులో వస్తే సెక్టార్లు (డిస్క్ మీద డేటా ఉండే చిన్న భాగాలు) పోతున్నట్టే అనుకోండి. అలాంటి డిస్క్ మీద క్యాచీ వేస్తే కొన్నాళ్లు బాగానే ఉన్నట్టు కనిపించి, ఒకరోజు పూర్తిగా ఆగిపోతుంది. కాబట్టి క్యాచీ సంగతి పక్కనపెట్టి, ముందు ఇంకో డిస్క్‌లోకి బ్యాకప్ తీసుకోండి.