స్కాట్లాండ్ కింది లీగుల్లో డిఫెండర్: అపోహలు - వాస్తవాలు

నేను ఫిజియోథెరపిస్టుని. స్కాటిష్ లీగులో అన్నిటికన్నా కిందిదైన నాలుగో అంచె, లీగ్ టూలో ఆడే ఒక ఫుట్‌బాల్ క్లబ్‌కి సాయంత్రాలు పని చేస్తాను. ఇక్కడి మనవాళ్లు ఎక్కడ కలిసినా ఈ ఆటగాళ్ల గురించి, అందులోనూ గోల్ పడకుండా అడ్డుకునే డిఫెండర్ల గురించి, అవే మాటలు వినిపిస్తుంటాయి. అందుకే ఇది రాస్తున్నా.

అపోహ: ప్రొఫెషనల్ ఫుట్‌బాలర్ అంటే కోట్లే కోట్లు.

స్కాటిష్ లీగులో నాలుగు అంచెలు, 42 క్లబ్బులు ఉన్నాయి. కింది రెండు అంచెల్లో చాలా క్లబ్బులు పార్ట్‌టైమ్‌వే. ఆటగాళ్లు పగలు వేరే ఉద్యోగం చేసుకుంటారు, మంగళ, గురువారాల రాత్రి ట్రైనింగ్‌కి వస్తారు, శనివారం మ్యాచ్ ఆడతారు. మా సెంటర్ బ్యాక్ (మధ్యలో ఆడే డిఫెండర్) ఒకతను ప్లాస్టరింగ్ పని ముగించుకుని నేరుగా వచ్చేస్తాడు. చీలమండకి టేప్ చుడుతుంటే అతని పిక్క మీది తెల్లటి పొడి నా చేతులకి అంటుకుంటుంది. పొద్దుటి నుంచి నిచ్చెన మెట్ల మీద నిలబడిన ఆ కాళ్లతోనే ఇంకో గంటన్నర పరిగెత్తాలి. ఉత్తరాన ఉన్న ఎల్గిన్ నుంచి నైరుతి మూలనున్న స్ట్రాన్‌రార్‌కి మ్యాచ్ పడితే బస్సులో పోవడానికే ఐదారు గంటలు, రావడానికి మళ్లీ అంత. కాంట్రాక్టు చాలామందికి ఒక్క ఏడాదికే, కాబట్టి సీజన్ చివరికొచ్చేసరికి ఇంట్లో అందరికీ టెన్షన్.

అపోహ: పైకి వెళ్లే సత్తా లేనివాళ్లే అక్కడ మిగిలిపోతారు.

డిఫెండర్ ఆండీ రాబర్ట్‌సన్‌ని పెద్ద క్లబ్ సెల్టిక్, అతను కుర్రాడిగా ఉన్నప్పుడే వదిలేసుకుంది. 2012-13లో అతను నాలుగో అంచెలో, అమెచ్యూర్ క్లబ్ క్వీన్స్ పార్క్‌కి జీతం లేకుండా ఆడుతూ, జాతీయ స్టేడియం హాంప్‌డెన్‌లో టికెట్ల ఫోన్లు ఎత్తేవాడు. 2018లో స్కాట్లాండ్‌కి కెప్టెన్ అయ్యాడు, 2019లో లివర్‌పూల్ తరఫున ఆడి, యూరప్ క్లబ్బుల పెద్ద టోర్నీ చాంపియన్స్ లీగ్ గెలిచాడు. అయితే అందరూ రాబర్ట్‌సన్‌లు కాలేరు, కాకపోయినంత మాత్రాన వాళ్ల ఆట తక్కువదేమీ కాదు. 2021-22లో పార్ట్‌టైమ్ ఆటగాళ్లతోనే ఆర్‌బ్రోత్ రెండో అంచెలో రెండో స్థానంలో నిలిచింది.

అపోహ: డిఫెండర్ పని బంతిని దూరంగా తన్నేయడమే.

పది జట్ల డివిజన్, 36 మ్యాచ్‌లు, అంటే ఒక్కో జట్టుతో ఏడాదికి నాలుగుసార్లు తలపడాలి. నీ ఎడమ కాలు బలహీనమని ఎదుటి ఫార్వర్డ్‌కి మొదటి మ్యాచ్‌లోనే తెలిసిపోతుంది, మిగతా మూడింట్లో అటే తోస్తాడు. ఇక ఆర్‌బ్రోత్ గ్రౌండ్ సముద్రాన్ని ఆనుకునే ఉంటుంది, అక్కడ గాలిలో బంతి ఎక్కడ పడుతుందో అంచనా వేస్తూ, పక్కవాళ్లకి అరిచి చెబుతూ, లైన్ తప్పకుండా నిలబడటం అంత తేలికేం కాదు.

అపోహ: చిన్న లీగే కదా, ఓడితే పోయేదేముంది?

2014-15 నుంచి లీగ్ టూ అడుగున ఉన్న జట్టుకి ప్లేఆఫ్ ఉంది, అందులో ఓడితే లీగ్‌లో చోటే పోతుంది. 2021లో బ్రెచిన్ సిటీ అలాగే లీగ్‌లోంచే బయటికి పోయింది.

అపోహ: హెడింగ్‌తో (బంతిని తలతో కొట్టడంతో) ఏమీ కాదు, తల గట్టిగా ఉంటే చాలు.

నాకు అన్నిటికన్నా బాధ కలిగించేది ఇదే. గ్లాస్గో యూనివర్సిటీ పరిశోధకులు 7,676 మంది మాజీ ప్రొఫెషనల్ ఆటగాళ్ల రికార్డులు పరిశీలించి, డిమెన్షియా లాంటి మెదడు జబ్బులతో చనిపోయే ప్రమాదం వాళ్లకి సాధారణ జనం కంటే దాదాపు మూడున్నర రెట్లు ఎక్కువని 2019లో తేల్చారు. 2021లో స్థానాల వారీగా చూస్తే అందరికన్నా ఎక్కువ ప్రమాదం డిఫెండర్లకే, సుమారు ఐదు రెట్లు. గోల్‌కీపర్లలో అంత తేడా కనిపించలేదు.

2022లో స్కాటిష్ ఎఫ్ఏ (స్కాట్లాండ్ ఫుట్‌బాల్ సంఘం) కొత్త మార్గదర్శకాలు ఇచ్చింది: మ్యాచ్ ముందు రోజూ తర్వాతి రోజూ ట్రైనింగ్‌లో హెడింగ్ వద్దు, పదేపదే హెడ్ చేసే డ్రిల్స్ వారానికి ఒక్క సెషన్‌కే పరిమితం చేయాలి. శనివారం ఆడి మంగళ, గురువారాలు ట్రైనింగ్ చేసే మాలాంటి క్లబ్బులకి మొదటి నియమం పెద్దగా అడ్డు రాదు, కాబట్టి అసలు పట్టుకోవాల్సింది రెండోదాన్ని. బంతిని ఎక్కువగా తలతోనే కొట్టాల్సి వచ్చే కార్నర్ల డ్రిల్ ఏదో ఒక్క రోజే పెట్టమని కోచ్‌లకి గట్టిగా చెబుతాను. తలకి దెబ్బ తగిలిందని అనుమానం వచ్చినా సరే, ఆటగాడు ఎంత బతిమాలినా బయటికి రావాల్సిందే.

ఇక్కడ పిల్లల్ని ఫుట్‌బాల్‌లో చేర్పించిన తల్లిదండ్రులకి ఒక మాట. 12 ఏళ్ల లోపు పిల్లలకి ట్రైనింగ్‌లో హెడింగ్ నేర్పకూడదని 2020 నుంచే మార్గదర్శకాలున్నాయి. నేర్పుతున్నట్టు కనిపిస్తే మొహమాటపడకుండా కోచ్‌ని అడగండి.