పాత పికప్ ట్రక్కు మరమ్మతులు, మార్పులు: అపోహలు – వాస్తవాలు

సొంత చేతులతో మరమ్మతు చేసుకోదలచినవారికి పాత పికప్ ట్రక్కు అనువైన వాహనం అనడంలో సందేహం లేదు. నిచ్చెన ఆకారపు ఛాసిస్ మీద క్యాబిన్ వేరుగా, వెనుక తొట్టి వేరుగా బోల్టులతో బిగించి ఉంటాయి. బానెట్ ఎత్తితే ఇంజిన్ చుట్టూ చెయ్యి దూర్చడానికి చోటు ఉంటుంది. లోపం ఎక్కడుందో చాలావరకు కంటితో, చెవితో, మల్టీమీటరుతో తేల్చుకోవచ్చు. ఈ సరళతను చూసి, ఏ భాగాన్ని మార్చినా దాని ప్రభావం ఆ భాగం వరకే ఉంటుందని చాలామంది అనుకుంటారు. ఈ వృత్తిలో నాకు తరచూ ఎదురయ్యే అపోహలలో అధిక భాగం ఆ ఊహ నుంచే పుట్టాయి. ఎత్తు పెంచిన బండి బ్రేకుల ఫిర్యాదుతో వస్తుంది, కమానులు (బరువు మోసే ఉక్కు పట్టీల స్ప్రింగులు) మార్చిన బండి బేరింగు మోతతో వస్తుంది. ఈ రెండింటికీ సంబంధం ఉందంటే యజమాని వెంటనే నమ్మడు.

అపోహ: కమాను కట్టలో ఒకటి రెండు పట్టీలు చేరిస్తే బండి మోయగల బరువు పెరుగుతుంది.

వాస్తవం: పెరిగేది కమాను బిరుసు మాత్రమే. తయారీదారు ప్రకటించే గరిష్ఠ బరువును వెనుక ఇరుసు, చక్రాల బేరింగులు, రిమ్ములు, టైర్లు, బ్రేకులు, ఛాసిస్ అన్నింటినీ కలిపి చూసి నిర్ణయిస్తారు. వాటిలో అన్నిటికంటే బలహీనమైనదే హద్దు గీస్తుంది. పట్టీలు చేర్చాక బండి వెనుక భాగం కుంగడం మానేస్తుంది గనుక, అధిక బరువు వేశామని చెప్పే బాహ్య సూచన కాస్తా మాయమవుతుంది, బేరింగులు మాత్రం ఆ బరువును మోస్తూనే ఉంటాయి. కమాను కుంగినట్టు కనిపిస్తే ముందుగా పట్టీలలో పగులు ఉందా, మధ్య బోల్టు విరిగిందా, కమాను చివరను ఛాసిస్‌కు కలిపే షాకిల్ బుష్‌లు అరిగాయా అని పరీక్షించి, పట్టీలు నిజంగానే సత్తువ కోల్పోయి ఉంటే అసలు కొలతలతోనే కొత్త కట్ట వేయించడం మేలు. ఇరుసును కమానుకు పట్టి ఉంచే యు బోల్టులను తిరిగి వాడరాదు, ఎందుకంటే ఒకసారి గట్టిగా బిగించినప్పుడే అవి కొంత సాగి ఉంటాయి. కొత్తవి వేసి, కొన్ని వందల కిలోమీటర్లు నడిపాక వాటి బిగింపును టార్క్ రెంచితో మళ్లీ సరిచూడాలి.

అపోహ: బండి ఎత్తు పెంచడం, పెద్ద టైర్లు వేయడం అందానికి సంబంధించిన మార్పులే.

వాస్తవం: ఇంటి దగ్గర చేసే మార్పులన్నింటిలో ఇన్ని భాగాలను ఒకేసారి కదిలించేది మరొకటి లేదు. ముందుగా బ్రేకులను చూద్దాం. చాలా పికప్‌లలో ఛాసిస్‌కు బిగించిన ఒక వాల్వు ఉంటుంది, దాని నుంచి ఒక కడ్డీ వెనుక ఇరుసుకు వెళుతుంది. బరువు వేసినప్పుడు ఛాసిస్ కిందికి దిగి ఇరుసుకు దగ్గరవుతుంది, ఆ కదలికను బట్టి వాల్వు వెనుక బ్రేకులకు ఎక్కువ ఒత్తిడిని వదులుతుంది. తొట్టి ఖాళీగా ఉన్నప్పుడు వెనుక చక్రాలు పట్టేసి జారకుండా ఒత్తిడిని తగ్గిస్తుంది. కమాను కింద దిమ్మె పెట్టి బండిని పైకి లేపి, ఆ కడ్డీని అలాగే వదిలేస్తే, తొట్టి నిండా సరుకు ఉన్నా ఖాళీగా ఉన్నదన్నట్టే వాల్వు పనిచేస్తుంది. భారమంతా ముందు బ్రేకుల మీద పడి, ఆగే దూరం పెరుగుతుంది. ఎంత ఎత్తు పెంచామో అంతకు తగినట్టుగా కడ్డీ అమరికను మార్చి, సర్వీస్ మాన్యువల్‌లో చెప్పిన పద్ధతిలో సరిచేయడం తప్పనిసరి. ఇరుసు పూర్తిగా కిందికి వేలాడినప్పుడు బ్రేకు గొట్టాలు లాగుకుపోకుండా ఉన్నాయో లేదో కూడా అప్పుడే చూసుకోవాలి.

తరువాతిది గేర్‌బాక్స్ నుంచి వెనుక ఇరుసుకు శక్తిని చేరవేసే ప్రొపెల్లర్ షాఫ్ట్. రెండు చివరలా ఒక్కొక్క యూనివర్సల్ జాయింట్ ఉన్న షాఫ్టులో, గేర్‌బాక్స్ నుంచి వెలువడే షాఫ్టు, వెనుక ఇరుసులోని పినియన్ (షాఫ్టు తిప్పే చిన్న గేరు) ఒకదానికొకటి సమాంతరంగా ఉండాలి. అప్పుడే ఒక జాయింటులో పుట్టే వేగపు హెచ్చుతగ్గులను రెండోది రద్దు చేస్తుంది. వాలు దిమ్మెను అటుదిటుగా పెట్టి పినియన్ కోణాన్ని చెడగొడితే ఒక వేగం దాటగానే బండి అదరడం మొదలవుతుంది, దానికి టైర్ల బ్యాలెన్సింగ్ ఎన్నిసార్లు చేయించినా ఫలితం ఉండదు. దిమ్మె మీద దిమ్మె పేర్చడం, కమానులున్న ముందు ఇరుసు కింద దిమ్మెలు పెట్టడం మాత్రం ఎవరు చెప్పినా చేయకూడని పనులు.

ముందు వైపు టార్షన్ బార్లు (మెలిపడుతూ స్ప్రింగులా పనిచేసే కడ్డీలు) ఉన్న బండ్లలో సర్దుబాటు బోల్టును తిప్పి ఎత్తు పెంచుతారు. అందువల్ల సస్పెన్షన్ గట్టిపడిందని నమ్ముతారు గానీ, బార్ బిరుసు దాని మందాన్ని, పొడవును, లోహాన్ని బట్టి ఉంటుందే తప్ప బోల్టు తిప్పినంత మాత్రాన మారదు. చక్రం కిందికి దిగడానికి ఉన్న చోటు తగ్గిపోయి, ప్రతి గుంటలోనూ చక్రాన్ని పట్టి ఉంచే సస్పెన్షన్ చేతులు స్టాపులకు కొట్టుకోవడమే ఆ గట్టిదనంగా తోస్తుంది.

టైర్ల విషయం లెక్కతో చెబితే తేలికగా అర్థమవుతుంది. 28 అంగుళాల వ్యాసం ఉన్న టైర్ల చోట 31 అంగుళాలవి వేస్తే చక్రం ఒక్క చుట్టుకు దాదాపు 10.7 శాతం ఎక్కువ దూరం పోతుంది. స్పీడోమీటరు గంటకు 80 కిలోమీటర్లు చూపుతున్నప్పుడు బండి నిజానికి 88 దాటి పోతూ ఉంటుంది. ఇరుసులో 4.10 నిష్పత్తి (షాఫ్టు 4.10 చుట్లు తిరిగితే చక్రం ఒక చుట్టు) ఉంటే అది సుమారు 3.70 లాగా పనిచేస్తుంది, అంటే లాగే శక్తి తగ్గి క్లచ్ మీద భారం పడుతుంది. బ్రేకులు చక్రాన్ని అదే బలంతో పట్టినా, టైరు రోడ్డు మీద బండిని ఆపే బలం దాదాపు పదోవంతు తగ్గుతుంది. వీటికి సిద్ధపడి, స్పీడోమీటరు గేరునూ ఇరుసు నిష్పత్తినీ మార్చుకోగలిగినవారు పెద్ద టైర్లు వేసుకోవడంలో నాకు అభ్యంతరం లేదు.

అపోహ: స్టెయిన్‌లెస్ బోల్టు తుప్పు పట్టదు గనుక అదే బలమైనది.

వాస్తవం: తుప్పు పట్టకపోవడం వేరు, బలం వేరు. మామూలుగా దొరికే ఎ2-70 రకం స్టెయిన్‌లెస్ బోల్టు కనీస తన్యతా బలం (లాగితే తెగకుండా తట్టుకునే బలం) 700 మెగాపాస్కల్‌లు. తల మీద 8.8 అని ఉన్న ఉక్కు బోల్టుది 800, 10.9 అని ఉన్నదానిది 1000 కంటే పైమాటే. శాశ్వతంగా సాగిపోవడం మొదలయ్యే హద్దు చూస్తే తేడా ఇంకా ఎక్కువ: ఎ2-70కి 450, 8.8కి 640. తొట్టి రేకులకూ మడ్‌గార్డులకూ స్టెయిన్‌లెస్ నిరభ్యంతరంగా వాడవచ్చు, సస్పెన్షన్, స్టీరింగ్, బ్రేకు భాగాలకు మాత్రం తల మీద ఉన్న అంకె చూసి అసలు గ్రేడుదే వేయాలి. చక్రాల నట్లకు గ్రీజు పూసి బిగించే అలవాటు కూడా ఈ కోవలోనిదే. నట్టు మరలకూ స్టడ్డు మరలకూ మధ్య రాపిడి తగ్గినప్పుడు అదే టార్క్‌కు (తిప్పే బలానికి) స్టడ్డు మీద పడే లాగుడు బాగా పెరుగుతుంది, కాలక్రమంలో అది సాగిపోతుంది.

అపోహ: బ్రేక్ ఆయిల్ మట్టం తగ్గకపోతే మార్చనవసరం లేదు, వెనుక డ్రమ్ములు తీసి డిస్కులు వేస్తేనే పాత బండి ఆగుతుంది.

వాస్తవం: గ్లైకాల్ ఆధారిత బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. ప్రమాణాల ప్రకారం కొత్త డాట్ 3 రకం ఆయిల్ కనీసం 205 డిగ్రీల సెల్సియస్ వరకు మరగకూడదు, తేమ పీల్చిన స్థితిలో ఆ హద్దు 140కి పడిపోతుంది; డాట్ 4కి ఇవి 230, 155. ఘాట్ రోడ్డు దిగుతున్నప్పుడు ఆయిల్ మరిగి ఆవిరి బుడగలు ఏర్పడితే పెడల్ నేల దాకా పోతుంది, అప్పుడు డబ్బాలో మట్టం మాత్రం సరిగ్గానే ఉంటుంది. సిలికోన్‌తో చేసిన డాట్ 5ను వీటితో కలపరాదు. ఇంజిన్ ఆయిల్ చుక్కలు పడినా లోపలి రబ్బరు సీళ్లు ఉబ్బి పాడవుతాయి.

డ్రమ్ముల మీద నాకున్న అభిప్రాయం చాలామందికి నచ్చదు. లైనర్లు మంచివై, చక్రాల సిలిండర్లు కారకుండా, సర్దుబాటు సరిగ్గా ఉంటే పికప్ వెనుక చక్రాలకు డ్రమ్ములే చాలు, హ్యాండ్ బ్రేకు కూడా వాటితోనే తేలికగా కుదురుతుంది. డిస్కులకు మార్చేటప్పుడు మాస్టర్ సిలిండర్ పంపే ఆయిల్ పరిమాణం, ముందువెనుకల ఒత్తిడి పంపకం రెండూ మారాలి. కొన్ని పాత మాస్టర్ సిలిండర్లలో డ్రమ్ముల కోసం కొద్దిపాటి ఒత్తిడిని ఎప్పుడూ నిలిపి ఉంచే వాల్వు ఉంటుంది, దాన్ని తీయకుండా డిస్కులు కలిపితే ప్యాడ్లు ఒరుసుకుంటూనే ఉంటాయి. డ్రమ్ము విప్పినప్పుడు ఒక జాగ్రత్త: పాత లైనర్లలో ఆస్బెస్టాస్ ఉండే అవకాశం ఉంది కనుక ఆ ధూళిని కంప్రెసర్ గాలితో ఊదకుండా, తడిపి తుడవాలి.

అపోహ: తుప్పు మీద నల్లటి పూత మందంగా వేస్తే ఛాసిస్ కొత్తదవుతుంది.

వాస్తవం: లోపల తేమను ఉంచి పైన మూత వేసినట్టే అవుతుంది. గొట్టం వంటి మూసిన ఛాసిస్ లోపలి నుంచి తుప్పు పడుతుంది. నీరు పోయే రంధ్రాలు మట్టితో పూడుకుపోవడమే ఎక్కువగా దానికి కారణం. పూత వేయకముందే కమాను బ్రాకెట్లు, క్యాబిన్ దిమ్మెలు, వెనుక ఇరుసు మీదుగా ఛాసిస్ వంగే చోటు, అన్నిటినీ చిన్న సుత్తితో తట్టి చూడాలి. మంచి ఉక్కు ఖంగుమంటుంది, తినేసిన ఉక్కు మొద్దు శబ్దం చేస్తుంది, లేదా సుత్తి కిందే పెచ్చులూడుతుంది. వదులు తుప్పును లోహం కనిపించేదాకా గీకి, తుప్పును ఆపే ప్రైమరు వేసి, పూత వేశాక, మూసిన భాగాల లోపలికి మైనపు పూతను చిమ్మాలి.

ఛాసిస్‌కు అతుకు వేయడం, రంధ్రం చేయడం మాన్యువల్ చూడకుండా చేయదగిన పనులు కావు. బరువుకు ఛాసిస్ వంగినప్పుడు అత్యధిక ఒత్తిడి పై అంచుకూ కింది అంచుకూ పడుతుంది కనుక రంధ్రం తప్పనిసరైతే నిలువు గోడలో చేయాలి, అంచులలో చేయరాదు. అతుకు పలక చివరలను నిలువుగా కత్తిరిస్తే పగులు సరిగ్గా ఆ గీత వెంటే వస్తుంది, అందుకే వాటిని ఏటవాలుగా కోస్తారు. వెల్డింగుకు ముందు బ్యాటరీ తీగలు విప్పి, ఎర్త్ క్లాంపును అతికే చోటికి వీలైనంత దగ్గరగా పెట్టాలి, లేకపోతే విద్యుత్తు బేరింగుల గుండా పోయి వాటిని దెబ్బతీయవచ్చు. ఖాళీ పెట్రోలు ట్యాంకు ప్రమాదం లేనిదని అనుకోవద్దు: అందులోని ఆవిరి నిండు ట్యాంకులోని పెట్రోలు కంటే సులువుగా పేలుతుంది. క్లోరిన్ ద్రావకం ఉన్న బ్రేక్ క్లీనర్ ఆరని చోట వెల్డింగు చేస్తే ఫాస్జీన్ అనే విషవాయువు పుడుతుంది.

అపోహ: ఇంజిన్ వేడెక్కుతుంటే థర్మోస్టాట్ తీసేయాలి.

వాస్తవం: థర్మోస్టాట్ అంటే ఇంజిన్ వేడెక్కేదాకా కూలెంట్‌ను రేడియేటరుకు పోనివ్వని వాల్వు. కొన్ని ఇంజిన్లలో అది తెరుచుకుంటూనే బైపాస్ దారిని మూస్తుంది. దాన్ని తీసేస్తే కూలెంట్‌లో కొంత భాగం రేడియేటరుకు పోకుండానే తిరుగుతూ, భారం మీద ఇంజిన్ ఇంకా వేడెక్కవచ్చు. మిగిలిన ఇంజిన్లు తగినంత వేడి పుంజుకోక ఎక్కువ ఇంధనం తాగుతాయి, ఆయిల్‌లో మడ్డి చేరుతుంది, సిలిండర్లు త్వరగా అరుగుతాయి. వెతకవలసింది రేడియేటరు పూడికను, ఫ్యాన్ క్లచ్‌ను, నీటి పంపును, హెడ్ గ్యాస్కెట్‌ను, ఆపైన రేడియేటరు మూతను. ఆ మూత ఒత్తిడిని నిలపడం వల్ల కూలెంట్ మరిగే ఉష్ణోగ్రత పెరుగుతుంది: ఒక పిఎస్ఐకి (చదరపు అంగుళానికి ఒక పౌండు ఒత్తిడికి) దాదాపు ఒకటిన్నర డిగ్రీల సెల్సియస్ చొప్పున.

అపోహ: డీజిల్ బండి నల్లటి పొగ వదిలితే బలం పెరిగినట్టే, పాత ఇంజిన్‌కు చిక్కటి ఆయిల్ మంచిది.

వాస్తవం: నల్లటి పొగ పూర్తిగా కాలని ఇంధనం. ఇంధన పంపు స్క్రూ తిప్పి డీజిల్ పెంచినా గాలి పెరగనప్పుడు పొగగొట్టం వాయువుల వేడి పెరిగి పిస్టన్లు దెబ్బతింటాయి. చిక్కటి ఆయిల్ మీటరు మీద ఒత్తిడిని ఎక్కువగా చూపిస్తుంది కానీ, చల్లటి ఇంజిన్ మొదలైన క్షణాల్లో పైభాగానికి ఆలస్యంగా చేరుతుంది. అరిగిన బేరింగును అది బాగుచేయదు.

అపోహ: చిన్న పనికి జాకీ ఒక్కటే చాలు.

వాస్తవం: చాలదు. జాకీ ఎత్తడానికి, స్టాండులు మోయడానికి. ఇటుకలు, సిమెంటు దిమ్మెలు ముందస్తు సూచన ఇవ్వకుండానే పగులుతాయి.

అపోహ: హెడ్‌లైట్లు మసకబారితే ఎక్కువ వాట్ల బల్బులు వేయాలి.

వాస్తవం: పాత బండ్లలో చాలాసార్లు హెడ్‌లైట్ల విద్యుత్తంతా డ్యాష్‌బోర్డు స్విచ్చి గుండా, సన్నని తీగల గుండా, తుప్పు పట్టిన ఎర్త్ గుండా పోతుంది. హాలోజన్ బల్బు వెలుగు వోల్టేజికి అనుపాతంలో తగ్గదు, అంతకంటే చాలా వేగంగా తగ్గుతుంది: వోల్టేజి పది శాతం పడిపోతే వెలుగు సుమారు ముప్పై శాతం పోతుంది. ఎక్కువ వాట్ల బల్బు ఆ తీగల మీద మరింత భారం వేసి, వోల్టేజిని ఇంకా పడగొట్టి, చివరికి స్విచ్చిని కాలుస్తుంది. లైట్లు వెలుగుతున్నప్పుడు మల్టీమీటరుతో బ్యాటరీ ధన కొన నుంచి బల్బు ధన కొన వరకు, బల్బు ఎర్త్ నుంచి బ్యాటరీ రుణ కొన వరకు విడివిడిగా కొలిస్తే నష్టం ఎటువైపు ఉందో తేలిపోతుంది. మొదటిదాంట్లో అర వోల్టు దాటితే ఒక రిలే (చిన్న విద్యుత్తుతో పెద్ద విద్యుత్తును కలిపే స్విచ్చి) వేసి, బ్యాటరీ నుంచి మందపాటి తీగను నేరుగా తేవాలి. ఫ్యూజు కాపాడేది బల్బును కాదు, తీగను. కాబట్టి దాన్ని బ్యాటరీకి వీలైనంత దగ్గరగా పెట్టాలి. రెండోదాంట్లో నష్టం కనిపిస్తే ఎర్త్ కొనను విప్పి, లోహం మెరిసేదాకా గీకి, బిగించి, మళ్లీ కొలవాలి.