యుద్ధ చరిత్ర రాసే పని సైన్యాధికారులకే ఎందుకు మిగిలింది?

గుంటూరులో ఆర్మీ రిక్రూటింగ్ ఆఫీసు ఉంది. ర్యాలీ పెట్టారంటే చుట్టుపక్కల జిల్లాల కుర్రాళ్లు తెల్లారకముందే బారులు తీరతారు. అలా వెళ్లినవాళ్లు ఏ యుద్ధంలో ఏం చేశారో తెలుగులో చదువుదామంటే మాత్రం బెజవాడ పుస్తకాల పండగంతా గాలించినా చేతికందేది తక్కువే. రాసేవాళ్లు లేక కాదు, రాయడానికి కావలసిన కాగితాలు బయటికి రాక. 1962 చైనా యుద్ధం గురించి ఇంగ్లిష్‌లో మనం చదివినదాంట్లోనూ చాలా భాగం ఆ యుద్ధంలో ఉన్న అధికారులే తర్వాత రాసింది.

మేజర్ జనరల్ డి.కె. పాలిత్ సంగతే తీసుకోండి. 1947–48 కశ్మీర్ పోరులో వీరచక్ర అందుకున్నారు. తర్వాత ఈశాన్యాన 7వ బ్రిగేడ్‌కు కమాండర్. చైనా యుద్ధం నాటికి ఢిల్లీ సైనిక ప్రధాన కార్యాలయంలో డైరెక్టర్ ఆఫ్ మిలిటరీ ఆపరేషన్స్, అంటే సైనిక చర్యల ప్రణాళిక చూసే అధికారి. 1971 యుద్ధం మీద మరుసటి ఏడే పుస్తకం తెచ్చిన ఆయన, 1962 గురించి ‘వార్ ఇన్ హై హిమాలయ’ అచ్చు వేసింది 1991లో. అదే 7వ బ్రిగేడ్‌ను ఆయన తర్వాత నడిపిన బ్రిగేడియర్ జాన్ దల్వీ 1962 అక్టోబర్ 22న చైనా సైన్యానికి చిక్కారు. తిరిగొచ్చాక 1969లో ‘హిమాలయన్ బ్లండర్’ రాశారు. ఒకరు ఆదేశాలు వెళ్లిన గదిలో ఉన్నారు, ఒకరు అవి అందిన చోట, ఈశాన్య సరిహద్దులోని నామ్‌కా చూ నది ఒడ్డున ఉన్నారు. రెండు పుస్తకాలూ పక్కపక్కన పెట్టుకుని, ఒకే ఆదేశం ఢిల్లీలో ఏ రోజు ఖాయమైంది, ముందు వరుసకు ఏ రోజు చేరింది అని తేదీలు రాసుకుంటూ చదివితేనే ఫలితం. విడిగా చదివితే ఏదైనా సాక్షి వాంగ్మూలమే, అందులో కొంత సంజాయిషీ కూడా ఉంటుంది.

సరిచూడ్డానికి మూడో ఆధారం ఉండాల్సింది. 1962 ఓటమి మీద సైన్యం జరిపించిన విచారణ, హెండర్సన్ బ్రూక్స్–భగత్ నివేదిక, 1963లోనే సిద్ధమైంది. కానీ సైనిక ప్రధాన కార్యాలయం పనితీరు జోలికి వెళ్లొద్దని ఆ విచారణకు ముందే చెప్పారు, అంటే పాలిత్ కూర్చున్న చోటే దాని పరిధిలో లేదు. ఆ నివేదికనూ రహస్యంగానే ఉంచారు. 2014లో కొంత భాగాన్ని నెవిల్ మాక్స్‌వెల్ అనే విదేశీ పాత్రికేయుడు ఇంటర్నెట్‌లో పెడితే చూశాం.

అసలు ముడిసరుకు వార్ డైరీ, అంటే యుద్ధంలో ప్రతి యూనిట్ రోజువారీగా రాసే రికార్డు. తేదీ, వేళ, చోటు, జరిగిన ఘటన వరుసగా రాసి, ఆదేశాలూ మ్యాపులూ అనుబంధంగా కలుపుతారు. పోరు ముదిరిన రోజున రాసే తీరిక ఉండదు కాబట్టి తర్వాత జ్ఞాపకం మీద పూరించిన పేజీలూ ఉంటాయి. ఈ డైరీలను రక్షణ శాఖ చరిత్ర విభాగానికి పంపాలనీ, మామూలుగా 25 ఏళ్లకు రహస్య ముద్ర తీసేయాలనీ, యుద్ధం ముగిసిన రెండేళ్లలో కమిటీ వేసి అయిదేళ్లలో చరిత్ర పూర్తి చేయాలనీ 2021 జూన్‌లో విధానం వచ్చింది. మెలిక ఏమిటంటే, ఆ చరిత్ర ముందు శాఖలోపలి వాడకానికే. బయట పెట్టడం తర్వాతి నిర్ణయం.

ఇక మన ఊరి జవాను గురించి రాయాలంటే ఢిల్లీ కన్నా ముందు తట్టాల్సింది అతని సర్వీసు కాగితాలు దాచే రికార్డ్స్ ఆఫీసు తలుపు. మద్రాస్ రెజిమెంట్‌కు వెల్లింగ్టన్, మద్రాస్ శాపర్లకు (ఇంజనీర్ దళం) బెంగళూరు, ఆర్టిలరీకి నాసిక్, వాహనాలు, ఆయుధాల మరమ్మతు చూసే ఈఎంఈకి సికింద్రాబాద్. సర్వీస్ నంబరు లేకుండా రాస్తే ఉత్తరం తిరిగొస్తుంది. అది డిశ్చార్జ్ బుక్‌లోనో పెన్షన్ కాగితాల్లోనో ఉంటుంది. సమాచార హక్కు దరఖాస్తుకు పది రూపాయలే, కానీ బంధుత్వ రుజువు జత చేయకపోతే మూడో వ్యక్తి సమాచారమని తిప్పికొడతారు. పెన్షన్ రానివాళ్ల ఫైళ్లను 25 ఏళ్లకు ధ్వంసం చేస్తారు కాబట్టి వాళ్ల విషయంలో ఇంట్లో ఉన్న కాగితమే దిక్కు.

ప్రపంచ యుద్ధాల్లో పోయినవాళ్లను ఆ యుద్ధ మృతుల సమాధులు, స్మారకాల వివరాలు చూసే కామన్‌వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ సైట్‌లో వెతకొచ్చు. ఇంటిపేరుతో వెతికితే తరచూ దొరకరు. చాలామందికి ఒక్క పేరే నమోదై ఉంటుంది, పక్కన తండ్రి పేరు, ఊరు, జిల్లా. యూనిట్‌తో వడగట్టి, ఊరి పేరును పాత ఇంగ్లిష్ స్పెల్లింగుల్లో మార్చి మార్చి చూడాలి. విజయవాడ అని కొడితే లాభం లేదు, బెజవాడ అనే కొట్టాలి. 1970 దాకా ఒంగోలు గుంటూరు జిల్లాలోదే కాబట్టి ఆ ప్రాంతం వాళ్లూ గుంటూరు కిందే తగులుతారు. యూనిట్ తెలిస్తే రెండో ప్రపంచ యుద్ధపు బర్మా రంగం డైరీలు లండన్ నేషనల్ ఆర్కైవ్స్‌లో డబ్ల్యూఓ 172 వరుసలో చూడొచ్చు. 1944 నాటి కాగితం అక్కడ అడిగితే తీసిస్తారు, 1962 నాటిది ఇక్కడ అడిగితే భద్రతా కారణాలంటారు.