కాయిలోవర్లతో పాత స్పోర్ట్స్ కారును దించడం: అపోహలు - వాస్తవాలు

రెండు సీట్ల పాత స్పోర్ట్స్ కారు రెండు వేళ్ల మందం కిందికి దిగితే ఆ అందమే వేరు. అలా దించడానికి వాడేదే కాయిలోవర్: షాకప్ చుట్టూ స్ప్రింగ్, దాన్ని మోస్తూ మరల మీద తిరిగే రింగు. ఆ రింగును పైకో కిందికో తిప్పితే కారు ఎత్తు మారుతుంది. కారు ఎంత దిగిందో అందరూ చూస్తారు గానీ, గుంత తగిలినప్పుడు చక్రం పైకి లేవడానికి ఇంకా ఎంత చోటు మిగిలిందో చూసేవాళ్లు తక్కువ. ఆ చోటునే ట్రావెల్ అంటాం. కింద రాసిన తప్పుల్లో ఎక్కువ భాగం ఆ లెక్క వేయకపోవడం వల్ల జరిగేవే. లెక్కలకు ఉదాహరణగా మొదటి తరం మాజ్దా ఎంఎక్స్-5ను తీసుకున్నాం. 1989లో వచ్చిన కారు, వీల్‌బేస్ (ముందు, వెనుక చక్రాల మధ్య దూరం) 2,265 మిల్లీమీటర్లు, నాలుగు చక్రాలకూ డబుల్ విష్‌బోన్ (పైన ఒకటి, కింద ఒకటి ఆర్మ్‌లు చక్రాన్ని పట్టుకునే పద్ధతి).

అపోహ: కాయిలోవర్ ఏ పాత కారుకైనా పడుతుంది, బ్రాకెట్ చేయించుకుంటే చాలు.

ముందు ఆ కారు బరువు ఎక్కడ మోస్తోందో చూడాలి. 1989కి ముందు తరాల పోర్షే 911లో బరువు మోసేది టార్షన్ బార్, అంటే మెలిపడుతూ స్ప్రింగులా పనిచేసే కడ్డీ. షాకప్ పై మౌంటు దగ్గర బాడీ మీద పడేది షాకప్ బలం మాత్రమే. అక్కడ కాయిలోవర్ పెడితే కారు బరువంతా ఆ పల్చటి రేకు మీదికి వస్తుంది. రీఇన్‌ఫోర్స్‌మెంట్ వేయకపోతే వెల్డింగ్ చుట్టూ పగుళ్లు వస్తాయి. బ్రిటిష్ స్పోర్ట్స్ కారు ఎంజీబీ సంగతి ఇంకోలా ఉంటుంది. ముందు కాయిల్ స్ప్రింగ్ ఉన్నా షాకప్ లివర్ రకం, వెనుక కమాన్ కట్టలు. దానికి కాయిలోవర్ అంటే మౌంటింగు పాయింట్లే కొత్తగా కట్టాలి. డాట్సన్ 240జెడ్‌కి పాత స్ట్రట్ ట్యూబు (షాకప్ కూర్చునే గొట్టం) కోసి, మరలున్న గొట్టం వెల్డ్ చేయాలి. హైదరాబాద్ బాలానగర్‌లో లేత్ పని ఎంత బాగా చేయించినా, స్టీరింగ్‌నూ కారు బరువునూ మోసే భాగం మీద వెల్డింగ్ వేసేవాడికి ఆ పనిలో చెయ్యి తిరిగి ఉండాలి. ఎంఎక్స్-5 లాంటి కారుకైతే ఈ బాధ లేదు, బోల్టులు విప్పి బిగించే పనే.

ఇంకో మాట. 50 ఏళ్లు దాటిన కారును 2021 నాటి నిబంధనల కింద వింటేజ్‌గా నమోదు చేయించుకోవాలనుకుంటే చాసిస్, బాడీ, ఇంజిన్ మార్చకుండా ఉండాలి. అలాంటి కారుకు కోత, వెల్డింగ్ వద్దు. మార్పు ఏదైనా మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 చదువుకుని, బీమా వాళ్లకు చెప్పి చేయండి. పాత స్ప్రింగులూ షాకప్‌లూ నూనె రాసి దాచి పెట్టండి, తుక్కులో వేయొద్దు.

అపోహ: రింగు బిగించేకొద్దీ స్ప్రింగ్ గట్టిపడుతుంది.

గట్టిపడదు. మామూలు లీనియర్ స్ప్రింగుకు గట్టితనం తీగ మందం, చుట్ల సంఖ్య, వ్యాసం బట్టే ఉంటుంది. 6 కేజీ/మి.మీ. స్ప్రింగు మీద 300 కిలోలు పడితే 50 మి.మీ. కుంగుతుంది. రింగు 10 మి.మీ. పైకి తిప్పినా ఆ 50 అలాగే ఉంటుంది, కారు మాత్రం పైకి లేస్తుంది. ప్రీలోడ్ (కారు బరువు పడకముందే రింగు స్ప్రింగును నొక్కి పెట్టే బలం) ఆ 300 కిలోలు దాటేంతగా బిగిస్తే తప్ప దాని ప్రభావం వేరుగా కనపడదు. అంత బిగించాల్సి వస్తోందంటే మీరు కొన్నది తప్పు స్ప్రింగు.

రింగు కిందికి దించడంలో అసలు ప్రమాదం ఉంది. పూర్తిగా దించేస్తే, జాకీ ఎత్తినప్పుడు స్ప్రింగ్ వదులై రింగు మీద ఆడుతుంది. రోడ్డు మీద చక్రం గుంతలోకి దిగినప్పుడూ అదే జరిగి, టక్‌మని శబ్దం వస్తుంది. ఒక్కోసారి స్ప్రింగ్ పక్కకి జరిగి కూర్చుంటుంది. చక్రం పూర్తిగా వేలాడుతున్నప్పుడు కూడా స్ప్రింగ్ చేత్తో తిప్పితే తిరగనంత బిగువుగా ఉండాలి. లేదంటే హెల్పర్ స్ప్రింగు (వదులు రాకుండా పట్టి ఉంచే చిన్న మెత్తటి స్ప్రింగు) వేయాలి, లేదా కింది బ్రాకెట్ ద్వారా ఎత్తు మార్చే రకం కొనాలి.

అపోహ: 8 కేజీ స్ప్రింగ్ అంటే ఏ కారులోనైనా 8 కేజీయే.

స్ప్రింగు మీద 62-170-008 అని ఉంటే లోపలి వ్యాసం 62 మి.మీ., పొడవు 170 మి.మీ., గట్టితనం 8 కేజీ/మి.మీ. అని అర్థం. చక్రం దగ్గరికి వచ్చేసరికి ఆ అంకె మారిపోతుంది. విష్‌బోన్ మీద షాకప్ లోపలి వైపు కూర్చుంటుంది కాబట్టి చక్రం 10 మి.మీ. లేస్తే షాకప్ 7 మి.మీ. మాత్రమే నొక్కుకుంటుందనుకోండి. మోషన్ రేషియో 0.7. దాన్ని వర్గం చేసి గుణించాలి: 0.49 × 8 అంటే చక్రం దగ్గర సుమారు 3.9. మాక్‌ఫర్సన్ స్ట్రట్ (షాకప్పే చక్రాన్ని నిలువునా పట్టుకునే రకం) కారులో రేషియో దాదాపు 1, కాబట్టి అదే స్ప్రింగ్ అక్కడ రెట్టింపు గట్టిగా ఉంటుంది. స్నేహితుడి కారులో బాగుందని అదే సెట్ తెచ్చుకోవడం ఇందుకే పనికిరాదు.

ఎత్తు లెక్క కూడా ఇలాగే మారుతుంది. ఈ 0.7 కారులో రింగు 10 మి.మీ. దించితే ఫెండర్ దగ్గర 14 మి.మీ. దిగుతుంది. మొదటి రోజే 30 తిప్పేసి, తర్వాత టైరు ఫెండర్‌కు రాసుకుంటోందని విస్తుపోవడం అనవసరం.

అపోహ: మన రోడ్ల మీద దించిన కారు తిరగలేదు.

ఇది సగమే నిజం. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ చెప్పిన గుండ్రటి స్పీడ్ బ్రేకర్ ఎత్తు 10 సెంటీమీటర్లు, వెడల్పు 3.7 మీటర్లు, వంపు వ్యాసార్ధం 17 మీటర్లు. ఎంఎక్స్-5 వీల్‌బేస్ అంతకంటే పొట్టి కాబట్టి నాలుగు చక్రాలూ ఒకేసారి దాని మీదే ఉంటాయి. అప్పుడు పొట్ట కిందికి పొడుచుకొచ్చేది 38 మి.మీ. మాత్రమే. ఏ దించిన కారైనా దాటేస్తుంది. కొంప ముంచేవి కాలనీల్లో సిమెంటుతో కట్టుకున్న గట్లు. 45 సెంటీమీటర్ల వెడల్పు, 12 సెంటీమీటర్ల ఎత్తున్న గట్టు రెండు చక్రాల మధ్య పూర్తిగా ఇమిడిపోతుంది, మొత్తం 12 సెంటీమీటర్లూ పొట్టకు తగులుతాయి. పైగా ముందు చక్రాలు దిగే వేగానికి కారు మరికొంత కుంగుతుంది. అపార్ట్‌మెంట్ సెల్లార్ ర్యాంపు ఇంకో పరీక్ష: పైఅంచు దగ్గర పొట్ట రాసుకుంటుంది, అడుగున బంపరు నేలకు తాకుతుంది.

మా లెక్కలో రోజువారీ తిరిగే కారుకు ఫ్యాక్టరీ ఎత్తు నుంచి 25, మహా అయితే 30 మి.మీ. చాలు. కొనకముందే టేపు పట్టుకుని మీ సెల్లార్ ర్యాంపునూ, వీధి చివర గట్టునూ కొలవండి.

అపోహ: బంప్ స్టాప్ కోసేస్తే ట్రావెల్ పెరుగుతుంది.

బంప్ స్టాప్ అంటే షాకప్ రాడ్డు మీద ఉండే రబ్బరు లేదా ఫోమ్ ముక్క. షాకప్ లోపల ఇనుము ఇనుముకు కొట్టుకోకుండా ఆపేది అదే. కోసేస్తే పెరిగిన ట్రావెల్‌లో మొదట దెబ్బ తినేది షాకప్ పిస్టన్, ఆ తర్వాత పై మౌంటు. దించిన కారు కుదిపేస్తోందంటే స్ప్రింగ్ గట్టిదై ఉండనక్కర్లేదు. చాలాసార్లు కారు స్ప్రింగు మీద కాకుండా బంప్ స్టాప్ మీద నిలబడి ఉంటుంది.

తెలుసుకునే పద్ధతి సులువు. రాడ్డుకు ఒక చిన్న జిప్ టై చుట్టి, షాకప్ సీల్‌కు ఆనించండి. మీరు రోజూ వెళ్లే దారిలో ఒకసారి తిరిగి రండి. జాకీ ఎత్తి చూస్తే జిప్ టై ఎక్కడిదాకా జరిగిందో అక్కడిదాకా షాకప్ నొక్కుకుంది. బంప్ స్టాప్‌లోకి లోతుగా చొచ్చుకుపోయి ఉంటే కారును పైకి లేపాలి లేదా గట్టి స్ప్రింగు వేయాలి. రాడ్డు బయటికి కనపడని తలకిందుల షాకప్‌కు మాత్రం ఈ కొలత కుదరదు.

అపోహ: పాతవి తీసి కొత్తవి పెట్టడమే కదా, గంట పని.

తీయడంలోనే జాగ్రత్త మొదలవుతుంది. పాత స్ప్రింగ్ విప్పేటప్పుడు స్ప్రింగును నొక్కి పట్టే స్ప్రింగ్ కంప్రెసర్‌తో రెండు వైపులా సమంగా నొక్కాకే పై నట్టు ముట్టుకోవాలి. నొక్కకుండా నట్టు విప్పితే స్ప్రింగ్ ఎగిరి మొహం పగలగొడుతుంది. కింది ఆర్మ్ బోల్టుకు అలైన్‌మెంట్ క్యామ్ (చక్రం కోణం సరిచేసే బిళ్ల) ఉంటే, వదులు చేసేముందు దాని స్థానానికి పెయింట్ గీత పెట్టుకోండి. బ్రేక్ హోస్ మీద హబ్ బరువు వేలాడనివ్వొద్దు.

కొత్తది బిగించేటప్పుడు రాడ్డు నట్టుకు ఇంపాక్ట్ గన్ పెట్టొద్దు. నట్టుతో పాటు రాడ్డూ గిర్రున తిరిగి లోపలి సీల్ దెబ్బతింటుంది, నూనె కారడం నెల తర్వాత గానీ కనపడదు. రాడ్డును అలెన్ కీతో పట్టుకుని నట్టును రింగు పానాతో తిప్పాలి.

అసలు స్ప్రింగు వేయకముందే ఒక పరీక్ష ఉంది, దాదాపు ఎవరూ చేయరు. షాకప్ ఒక్కటే బంప్ స్టాప్‌తో సహా బిగించి, చక్రం తొడిగి, జాకీతో బంప్ స్టాప్ పూర్తిగా నలిగేదాకా పైకి లేపండి. స్టీరింగ్ ఈ చివరి నుంచి ఆ చివరికి తిప్పండి. టైరు ఫెండర్ లోపలి అంచుకు, బ్రేక్ హోస్‌కు, స్ప్రింగ్ రింగుకు ఎక్కడ దగ్గరవుతోందో అప్పుడే కంటికి కనపడుతుంది. కింది బ్రాకెట్‌తో ఎత్తు తగ్గించే రకానికి ఇది తప్పనిసరి. అందులో షాకప్ ట్రావెల్ తగ్గదు గానీ, చక్రం బాడీలోకి మరింత లోతుగా వస్తుంది.

అపోహ: బోల్టులన్నీ లిఫ్ట్ మీదే బిగించేస్తే పని అయిపోతుంది.

పాత కార్లలో బుష్‌లు త్వరగా చచ్చిపోవడానికి ఇదే పెద్ద కారణం. రబ్బరు బుష్ తిరగదు, మెలిపడుతుంది. లోపలి గొట్టాన్ని బోల్టు బిగించి పట్టుకుంటుంది, బయటి గొట్టం ఆర్మ్‌తో పాటు కదులుతుంది, మధ్యలో రబ్బరు సాగుతుంది. చక్రం వేలాడుతున్నప్పుడు బోల్టు బిగిస్తే, కారు నేల మీద నిలబడ్డ క్షణం నుంచే ఆ రబ్బరు మెలిపడి ఉంటుంది. బుష్ అంచున సన్నటి చీలిక వస్తుంది, ఎత్తు కూడా తప్పుగా చూపిస్తుంది. ఆర్మ్ బోల్టులు చేతి బిగువు మీద వదిలేసి, కారును నాలుగు చక్రాల మీద ర్యాంపు ఎక్కించి, అప్పుడు టార్క్ రెంచ్‌తో మాన్యువల్‌లోని అంకెకు బిగించాలి. స్టెబిలైజర్ (మలుపుల్లో కారు ఒరగకుండా ఆపే కడ్డీ) లింకులు అన్నిటికన్నా చివర.

ఎత్తు కొలిచేది నేల నుంచి కాదు, చక్రం మధ్య నుంచి ఫెండర్ అంచు దాకా. టైరు గాలి తేడా అప్పుడు లెక్కలోకి రాదు. జాకీ దించాక కారును కొన్ని మీటర్లు ముందుకూ వెనక్కీ దొర్లించండి. లేదంటే టైర్లు లోపలికి ఒదిగి కారు ఎత్తుగా కనపడుతుంది. సమంగా ఉన్న గచ్చు మీదే కొలవాలి, డ్రైవరు సీట్లో మీ బరువంత బియ్యం బస్తాలు వేసుకుంటే ఇంకా మంచిది.

అపోహ: మరలకు గ్రీజు దట్టంగా రాస్తే రింగు పట్టేయదు.

గ్రీజుకు మన దుమ్మంతా అతుక్కుని సానరాయిలా పనిచేస్తుంది. వానాకాలం ముందు, తర్వాత మరలను బ్రష్షుతో కడిగి ఆరబెట్టి, ఆరిపోయే రకం లూబ్రికెంట్ కొట్టండి. లాక్ రింగును సుత్తితో కొట్టి బిగించొద్దు. అల్యూమినియం మర అరిగితే రింగు మళ్లీ కదలదు.

అపోహ: టైర్ల లోపలి అంచు అరిగేది కాంబర్ వల్లే.

కాంబర్ అంటే ముందు నుంచి చూస్తే చక్రం పక్కకు వాలిన కోణం, టో అంటే పై నుంచి చూస్తే చక్రాలు లోపలికో బయటికో తిరిగి ఉండడం. కాంబర్ కొంత అరగదీస్తుంది, కానీ టైరును నెలల్లో తినేసేది తప్పిన టో. కారు దిగినప్పుడు రెండూ మారతాయి. మొదట కాంబర్, క్యాస్టర్ (పక్క నుంచి చూస్తే స్టీరింగ్ అక్షం వాలు) సరిచేసి, చివరగా టో పెట్టాలి. ఈ వరుస తప్పితే టో మళ్లీ మారిపోతుంది. వీధిలో తిరిగే ఎంఎక్స్-5కి ముందు కాంబర్ మైనస్ 1 నుంచి 1.5 డిగ్రీలు, వెనుక మైనస్ 1.5 దగ్గర, వెనుక టో కొద్దిగా లోపలికి ఉంటే చక్కగా నడుస్తుంది. 300 కిలోమీటర్లు తిరిగాక ఎత్తు మళ్లీ కొలిచి, అలైన్‌మెంట్ మళ్లీ చేయించండి. చక్రాల నట్లు 88 నుంచి 118 న్యూటన్ మీటర్ల మధ్య ఉన్నాయో లేదో అదే రోజు చూడండి. ముందు, వెనుక ఒకేలా దిగకపోతే హెడ్‌లైట్ల కోణమూ మారుతుంది, గోడ ముందు కారు పెట్టి దాన్నీ సరిచేసుకోండి.