భుజంగాసనంలో బకెట్ పిడి

"భుజంగాసనం వేసి దిగాక మనసు తేలికవుతుంది, ఎందుకండీ?" అని ఒక పాఠకురాలు అడిగారు. ఛాతీ తెరుచుకుంటే ఆక్సిజన్ ఎక్కువ అందుతుందని వాళ్ల టీచరు చెప్పారట. యోగా క్లాసుల్లో బాగా పాతుకుపోయిన మాట ఇది. ఆరోగ్యంగా ఉన్న మనిషి ఊరికే కూర్చుని ఊపిరి తీసుకుంటున్నప్పుడే రక్తంలో హిమోగ్లోబిన్ 95 శాతం దాకా, ఆపైన కూడా ఆక్సిజన్‌తో నిండి ఉంటుంది. కోవిడ్ రోజుల్లో వేలికి క్లిప్పు పెట్టి చూసుకున్న అంకె అదే. నిండిన కుండలో ఇంకెన్ని నీళ్లు పడతాయి?

బోర్లా పడుకుని చేతుల ఆసరాతో ఛాతీ పైకెత్తే ఈ ఆసనం చాలామందికి తెలుసు కాబట్టి నేరుగా పక్కటెముకల దగ్గరికి వెళ్దాం.

బకెట్ పిడి కిందికి వాలినప్పుడు బకెట్‌కు ఆనుకుని ఉంటుంది. కాస్త పైకెత్తితే పక్కకు, దూరంగా జరుగుతుంది. మన 12 జతల పక్కటెముకల్లో అట్టడుగు రెండు జతలు తప్ప మిగతావన్నీ ఎంతో కొంత ఇలాంటి పిడులే, కింది వైపువి మరీను. ఒక కొస వెన్నుకు, ఇంకో కొస మృదులాస్థి ద్వారా ముందున్న రొమ్ము ఎముకకు, మధ్య భాగం కిందికి వాలి. ఊపిరి పీల్చినప్పుడు ఆ మధ్య భాగం లేస్తుంది, ఛాతీ పక్కలకు వెడల్పవుతుంది.

మరి పిడిని ఎత్తేదెవరు? చాలావరకు ఉదరవితానం, అంటే డయాఫ్రమ్. ఊపిరితిత్తుల కింద గొడుగులా ఉండే కండరం. మామూలుగా అది బిగుసుకుని కిందికి దిగితే పొట్ట ముందుకొస్తుంది. భుజంగాసనంలో పొట్ట నేలకు ఆని, సాగి ఉంటుంది. ముందుకు రావడానికి చోటు తక్కువ. కాలేయం, జీర్ణాశయం కింద అడ్డుగా నిలబడతాయి. గొడుగు నడినెత్తి దిగలేదు. కానీ దాని అంచులు కింది పక్కటెముకలకు అతుక్కుని ఉన్నాయి కదా, ఆ లాగుడంతా వాటిమీదికి మళ్లి అవే పైకి లేస్తాయి. కప్పు దిగకపోతే గోడలు లేచినట్టు! మా చెల్లి ఈ ఆసనంలో ఉండగా తన పక్కల మీద చేతులు ఆనించాను. ప్రతి ఊపిరికీ నా రెండు చేతులూ ఎడంగా జరిగాయి, తన ఛాతీ కూడా నేల నుంచి వీసమెత్తు లేచింది.

ఘేరండ సంహిత అనే పాత యోగ గ్రంథం నాభి నుంచి కాలివేళ్ల దాకా నేలకు ఆనాలని చెప్పింది. అందుకే "ఇంకా పైకి, ఇంకా పైకి" అని పిల్లల్ని అదిలించే టీచర్లను చూస్తే నాకు బాధేస్తుంది. మోచేతులు బిగదీసి లేస్తే నాభి నేల వదులుతుంది, బరువు నడుము మీద పడుతుంది.

రోజంతా ఫోన్ మీదికి వంగేవాళ్లకు ఇంకో లాభం ఉంది. 3, 4, 5 పక్కటెముకల నుంచి భుజం వెనకున్న రెక్క ఎముకకు వెళ్లే చిన్న ఛాతీ కండరం భుజాల్ని ముందుకు లాగి ఉంచుతుంది. ఆసనంలో భుజాలు వెనక్కి, కిందికి జరిపితే అది సాగుతుంది.

ఇక మనసు సంగతి. ఏడుపు ఛాతీ కండరాల్లో దాక్కుని ఉంటుందనే మాటకు ఆధారం లేదు. ఆధారం ఉన్నది నిశ్వాసకు. గాలి వదిలేటప్పుడు మెదడు నుంచి గుండె దాకా వెళ్లే వేగస్ నాడి, గుండె లయను నడిపే ఎస్‌ఏ కణుపు దగ్గర ఎసిటైల్‌కోలిన్ అనే రసాయనాన్ని ఎక్కువగా విడుదల చేస్తుంది, గుండె నెమ్మదిస్తుంది. పీల్చేటప్పుడు ఆ పట్టు సడలుతుంది. ఇటలీకి చెందిన లూచియానో బెర్నార్డి బృందం 2001లో కేథలిక్కుల రోజరీ జపాన్నీ, 'ఓం మణి పద్మే ఓం' అనే మంత్రాన్నీ పరీక్షించింది. రెండూ ఊపిరిని నిమిషానికి దాదాపు 6 సార్లకు తెచ్చాయి, రక్తపోటును సరిచూసే ప్రతిచర్య చురుకైంది. భుజంగాసనంలో పొట్ట కింద నేల ఉంది కాబట్టి ఊపిరి ఎటు పోతోందో స్పష్టంగా తెలుస్తుంది, నెమ్మదిగా వదలడమూ సులువవుతుంది. ఆ నెమ్మదే టెన్షన్‌ను తగ్గిస్తుందని నా నమ్మకం.

గర్భిణులు, హెర్నియా ఉన్నవాళ్లు, ఈమధ్యే పొట్టకు ఆపరేషన్ అయినవాళ్లు ఇది వేయకూడదు. మిగతావాళ్లు ఆసనం దిగి కూర్చున్నాక మణికట్టు దగ్గర నాడి పట్టుకుని, నెమ్మదిగా ఊపిరి పీల్చి వదలండి. పీల్చేటప్పుడు దెబ్బలు దగ్గరగా వస్తాయి, వదిలేటప్పుడు ఎడమవుతాయి.