ఎర్రమట్టి, బియ్యప్పిండి, తొగరు వేరు

ప్రకృతి కళాకారుడికి ప్రేరణ ఇస్తుందన్న మాట వినగానే కొండ, జలపాతం, సూర్యోదయం మనసులో మెదులుతాయి. వాటిని చూసి పరవశించిన మనిషి కుంచె చేతబట్టాడని ఊహించుకుంటాం. ఒడిశా దక్షిణపు అంచున, గంజాం, గజపతి, రాయగడ, కోరాపుట్ జిల్లాల్లో తరతరాలుగా కాపురముంటున్న తెలుగువారికి ఈ సంగతిని మరింత దగ్గరగా పరిశీలించే అవకాశం ఉంది. పర్లాకిమిడి నుంచి గుణుపురం, రాయగడల మీదుగా కోరాపుట్ చేరి, జయపురం దాటి కోట్‌పాడ్ దాకా సాగే దారిలో రెండు గొప్ప కళలు నేటికీ బతికి ఉన్నాయి. ఒకటి సవరల గోడచిత్రం, రెండోది మిర్గాన్ల నేత. ఈ రెండింటిలోనూ ప్రకృతి బొమ్మకు ఇతివృత్తం కావడంతో ఆగలేదు. రంగు తానే అయింది, ఆ రంగు అంటుకునే పద్ధతి తానే అయింది, పని ఎప్పుడు మొదలుపెట్టాలో చెప్పే ఋతువు కూడా తానే అయింది. పదార్థాన్ని ఏడాది పొడుగునా ఓపికగా గమనించిన కళ్ళే ఈ కళలను పుట్టించాయని నేను గట్టిగా నమ్ముతున్నాను. ఆ గమనింపు ఎంత లోతైనదో భౌతిక, రసాయన శాస్త్రాల సాయంతో చూస్తే తెలుస్తుంది.

ముందు మట్టి సంగతి చూద్దాం. ఈ ప్రాంతపు తూర్పు కనుమల్లో విస్తారంగా కనిపించే శిలకు ఖోండలైట్ అని పేరు. ఇక్కడి కొండల్లో నివసించే కోంధుల పేరు మీద 1902లో వాకర్ అనే భూగర్భ శాస్త్రవేత్త ఆ పేరు పెట్టాడు. కోణార్క ఆలయాన్ని కట్టిన రాయి కూడా ప్రధానంగా ఇదే. ఈ శిలలో ఇనుము కలిసిన గోమేదిక జాతి ఖనిజం, అంటే గార్నెట్, పుష్కలంగా ఉంటుంది. కోరాపుట్ కొండల మీద ఏటా సుమారు 1,500 మిల్లీమీటర్ల వాన కురుస్తుంది. వేల, లక్షల ఏళ్ళ పాటు కురిసిన ఆ వాన శిలలోని సిలికాను, కరిగిపోయే లవణాలను కడిగేసి, కరగని ఇనుమును, అల్యూమినియాన్ని మిగిల్చింది. అలా మిగిలిన అల్యూమినియం దమన్‌జోడి దగ్గరి పంచపట్‌మాలి కొండ మీద బాక్సైట్‌గా పేరుకుంది. ఇనుము గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి హెమటైట్‌గా మారింది. హెమటైట్ నీలి, ఆకుపచ్చ కాంతులను మింగి ఎరుపును వెనక్కి పంపుతుంది కాబట్టి మన నేల ఎర్రగా కనిపిస్తుంది. ఇందులో ఒక విశేషం ఉంది. ఈ ఖనిజపు రేణువులు ఎంత సన్నగా ఉంటే ఎరుపు అంత నిగనిగలాడుతుంది. ముతకగా ఉంటే ఊదా, నలుపు వైపు జారుతుంది. ఎర్రమట్టిని నీళ్ళలో కలిపి, బరువైన ఇసుకను అడుగుకు దిగనిచ్చి, పైన తేలే సన్నని మడ్డిని తీసి అలికితే గోడకు మేలైన ఎరుపు రావడానికి కారణం ఇదే. ఇనుము ఇక్కడ ఆక్సిజన్‌తో పూర్తిగా కలిసిపోయి ఉంటుంది గనుక ఈ రంగు ఎండకు వెలిసిపోదు.

తొలకరి పడిన రోజున ఇదే నేలను చూడండి. పొడిగా ఉన్నప్పుడు కాస్త పాలిపోయిన ఎరుపుతో ఉన్న మట్టి, వాన పడిన నిమిషాల్లో ముదురు రక్తవర్ణానికి తిరుగుతుంది. మట్టిలోకి కొత్త రంగేదీ రాలేదు. రేణువుల మధ్య గాలి ఉన్న చోటికి నీరు వచ్చింది, అంతే. నీటి పొర కింది నుంచి పైకి రాబోయిన కాంతిలో కొంత ఆ పొర లోపలి వైపునే పరావర్తనం చెంది మళ్ళీ మట్టి మీద పడుతుంది. అలా పడిన ప్రతిసారీ మట్టి మరికొంత కాంతిని మింగుతుంది. స్వీడన్ శాస్త్రవేత్త ఆండర్స్ ఆంగ్‌స్ట్రోమ్ 1925లో ఈ వివరణ ఇచ్చాడు. దీనికి తోడు, గాలి స్థానంలో నీరు చేరినప్పుడు రేణువుకూ దాని చుట్టూ ఉన్నదానికీ మధ్య వక్రీభవన గుణకంలో, అంటే కాంతిని వంచే కొలతలో, తేడా తగ్గుతుంది. తేడా తగ్గితే కాంతి వెనక్కి చెదరకుండా లోలోపలికి దూసుకుపోతుంది. ఈ ఒక్క సూత్రాన్ని గుర్తుపెట్టుకుంటే సవర చిత్రకారుడి పనిలో ఉన్న నేర్పు మనకు తేటగా అర్థమవుతుంది.

సవరలు తమ గోడచిత్రాన్ని ఇడితాల్ అంటారు. పంట చేతికొచ్చినప్పుడు, పెళ్ళికి, కాన్పుకు, జబ్బు నయం కావాలని, చనిపోయిన పెద్దల తృప్తి కోసం ఇంటి లోపలి గోడ మీద దీన్ని రాస్తారు. ఏ దేవత ఏం కోరుతున్నదో పూజారికి కలలో తెలుస్తుందని వారి విశ్వాసం. పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా పనిచేస్తూ సవర భాష నేర్చుకుని, 1931లో దానికి వ్యాకరణం ప్రచురించిన గిడుగు రామమూర్తి పంతులు గారి వల్ల ఈ జాతి పేరు తెలుగు పాఠకులకు కొత్త కాదు. అయితే వారి చిత్రకళకు మన వైపు దక్కవలసినంత పరిచయం దక్కలేదని నాకనిపిస్తుంది. ఎర్రమట్టి అలికిన గోడ మీద, నలగగొట్టిన వెదురు పుల్లను బియ్యప్పిండి నీళ్ళలో ముంచి గీస్తారు. ముందుగా చుట్టూ అంచు కట్టి, దాన్ని ఇల్లుగా భావించి, అంచు నుంచి లోపలికి మనుషులను, ఏనుగులను, గుర్రాలను, చెట్లను, సూర్యచంద్రులను నింపుకుంటూ వస్తారు.

బియ్యప్పిండి గీత గీసిన క్షణంలో సరిగా కనిపించదు. తడి పిండిముగ్గు పెట్టే వాళ్ళందరికీ ఇది అనుభవమే: వాకిట్లో మొదట పలుచగా, నీళ్ళగా ఉన్న గీత ఆరుతున్నకొద్దీ తెల్లబడి తేలుతుంది. పిండిలోని స్టార్చ్ రేణువు వక్రీభవన గుణకం సుమారు 1.53, నీటిది 1.33, గాలిది 1. తడిగా ఉన్నంతసేపు రేణువు చుట్టూ నీరు ఉండటంతో తేడా తక్కువ. కాంతి చాలామటుకు పిండి పొరను దాటి వెనుక ఉన్న ఎర్రమట్టిని చేరుతుంది. నీరు ఆవిరై రేణువుల సందుల్లోకి గాలి చేరాక తేడా ఒక్కసారిగా పెరుగుతుంది, అన్ని రంగుల కాంతీ సమానంగా చెదరి మన కంటికి తెలుపుగా తోస్తుంది. ధాన్యాల్లో బియ్యపు స్టార్చ్ రేణువులు చాలా చిన్నవి. సుమారు 3 నుంచి 8 మైక్రోమీటర్లు మాత్రమే ఉంటాయి. బంగాళాదుంపలో ఇవి 100 మైక్రోమీటర్ల దాకా ఉంటాయి. చిన్న రేణువులు దగ్గరదగ్గరగా పేరుకున్నప్పుడు కాంతిని చెదరగొట్టే సందులు ఎక్కువవుతాయి, తెలుపు చిక్కబడుతుంది. పైగా గోడ తడి ఎరుపు నుంచి పొడి ఎరుపుకు, గీత నీటి రంగు నుంచి తెలుపుకు ఒకేసారి మారుతుంటాయి. గీసేవారు ఈ రెండు మార్పులనూ ముందే ఊహించి చేయి నడపాలి. కనిపిస్తున్న గీత కంటే, ఆరిన తర్వాత కనిపించబోయే గీత వారి మనసులో స్పష్టంగా ఉండాలి.

ఈనాడు అమ్మకం కోసం గుడ్డ మీద, కాగితం మీద గీసే సవర చిత్రాల్లో యాక్రిలిక్ తెలుపు వాడుతున్నారు. అందులోని టైటానియం డయాక్సైడ్ వక్రీభవన గుణకం 2.7 దాకా ఉంటుంది గనుక తడిలో కూడా తెల్లగానే కనిపిస్తుంది, గీత వెంటనే దిట్టంగా పడుతుంది. కళాకారులకు దీనివల్ల ఆదాయం పెరిగింది, చిత్రాలు దూర దేశాలకు చేరాయి. అది సంతోషించవలసిన విషయం. అయినా ఆరేదాకా ఎదురుచూసే ఆ పాత పద్ధతిలో చేతికీ ఊహకీ దొరికిన శిక్షణ యాక్రిలిక్‌లో దొరకదని చెప్పక తప్పదు. పిల్లలకు నేర్పేటప్పుడైనా పిండినీ మట్టినీ వదలకూడదని నా కోరిక.

ప్రయాణాలు కూడా ఈ గోడల మీదికి వచ్చాయి. శ్రీకాకుళం జిల్లాలోని నౌపడా నుంచి పర్లాకిమిడికి 1900లో చిన్న రైలు మొదలైంది; 1931లో అది గుణుపురం దాకా సాగింది. 1940ల్లో ఈ కొండల్లో తిరిగి సవరల మతాన్ని, చిత్రాలను అధ్యయనం చేసినవాడు మానవశాస్త్రవేత్త వెరియర్ ఎల్విన్. నేటి సవర చిత్రాల్లో గుర్రాలు, ఏనుగుల పక్కన సైకిళ్ళు, రైళ్ళు, విమానాలు కూడా కనిపిస్తాయి. కొత్తగా చూసినదాన్ని పాత అంచు లోపల, పాత ఎరుపు తెలుపుల్లోనే ఇముడ్చుకోవడం ఈ కళకున్న గొప్ప బలం.

ఋతువుల రంగుల గురించి కొంచెం చెప్పాలి. కార్తీక మాసంలో కోరాపుట్ మెట్టల మీద వలిసె పూలు పసుపు పరుస్తాయి. ఫాల్గుణంలో ఆకు రాల్చిన మోదుగ చెట్టు నిలువెల్లా ఎర్రనారింజ రంగు తొడుక్కుంటుంది. ఈ రంగులు మన కోసం పుట్టినవి కావు. తేనెటీగ కన్ను ఎరుపును సరిగా పట్టలేదు, అది పసుపును, నీలాన్ని, మనకు కనిపించని అతినీలలోహితాన్ని చూస్తుంది. పక్షులు ఎరుపును చక్కగా చూస్తాయి. కాబట్టి ఎక్కువగా తేనెపిట్టల వంటి పక్షుల మీద ఆధారపడే మోదుగ, ఆకుల అడ్డు లేని వేళ చూసుకుని ఎర్రగా పూస్తుంది. మామిడి లేత చిగురు రాగిరంగులో ఉండటానికి కారణం ఆంథోసయనిన్ అనే వర్ణకం. పత్రహరితం ఇంకా పూర్తిగా కుదురుకోని ఆకును తీవ్రమైన ఎండ దెబ్బ నుంచి అది కాపాడుతుందని వృక్షశాస్త్రజ్ఞుల ప్రధాన వివరణ.

ఇక కోట్‌పాడ్. జయపురానికి వాయవ్యంగా ఉన్న ఈ చిన్న పట్టణంలో మిర్గాన్ నేతవారు తొగరు చెట్టు వేరు నుంచి తీసిన రంగుతో నూలు అద్ది, మందపాటి చీరలు, పైబట్టలు నేస్తారు. ఒడిశా నుంచి భౌగోళిక గుర్తింపు పొందిన తొలి ఉత్పత్తి ఇదే. 2005లో ఆ గుర్తింపు వచ్చింది. ఇక్కడి నేతగాడు గోవర్ధన పనికాకు 2018లో పద్మశ్రీ ప్రకటించారు. ఈ గౌరవాల వెనుక ఉన్న పనితనం నిజంగా ఆశ్చర్యకరమైనది, ఎందుకంటే నూలుకు ప్రకృతి రంగు పట్టించడం చాలా కష్టం. పట్టు, ఉన్ని ప్రోటీన్లతో ఏర్పడినవి. రంగు అణువులను పట్టుకునే ఆవేశం గల భాగాలు వాటిలో ఉంటాయి. నూలు ప్రధానంగా సెల్యులోజ్. దానికి రంగును పట్టుకునే గుణం తక్కువ, నీళ్ళలో జాడిస్తే వెలిసిపోతుంది.

కోట్‌పాడ్ వారు ఈ చిక్కును ఆముదం, బూడిద నీళ్ళు, ఆవుపేడలతో విప్పారు. నూలును వీటిలో తడిపి, పిసికి, ఎండబెట్టి, మళ్ళీ తడిపి, ఇలా వారాల తరబడి సిద్ధం చేస్తారు. కట్టె బూడిదలోని క్షారం ఆముదంలోని కొవ్వు ఆమ్లాలతో కలిసి సబ్బులా మారుతుంది. ఆ పదార్థం పోగు సందుల్లో పేరుకుని, తర్వాత వచ్చే రంగుకు ఆశ్రయమవుతుంది. మన చీరాల నేతవారు తేలియా రుమాళ్ళకు వాడిన పద్ధతి కూడా ఈ కోవలోదే. తొగరు వేరు బెరడులో మొరిండోన్ అనే వర్ణకం ఉంటుంది. మూడు వలయాలు పక్కపక్కన అతుక్కున్న ఆంథ్రాక్వినోన్ జాతి అణువు అది. ఆ జాతి అణువులు వెలుతురుకు త్వరగా విరిగిపోవు, అందుకే ఈ ఎరుపు ఏళ్ళ తరబడి నిలుస్తుంది. దీనికి అన్నభేది, అంటే ఐరన్ సల్ఫేట్, కలిపితే ఇనుప అయాను వర్ణకపు అణువులోని ఆక్సిజన్లతో జట్టు కట్టి, అది మింగే కాంతి పరిధిని విస్తరింపజేస్తుంది. ఎరుపు కాస్తా నల్లని గోధుమరంగు అవుతుంది. సవర గోడను ఎర్రగా నిలిపిన మూలకమే కోట్‌పాడ్ చీర అంచును నలుపు చేస్తుందన్నమాట. ఎడతెగకుండా తడిపి ఆరబెట్టే ఈ పనికి ఎండ తప్పనిసరి కాబట్టి ముసురు పట్టిన వానాకాలం దీనికి కలిసిరాదు.

1868లో జర్మన్ రసాయనజ్ఞులు గ్రేబే, లీబర్‌మాన్ ఈ జాతికే చెందిన అలిజరిన్ అనే ఎర్రరంగును ప్రయోగశాలలో తయారుచేసిన తర్వాత దేశమంతటా తొగరు సాగు దెబ్బతింది. వేరు కోసం చెట్టు చుట్టూ తవ్వాలి, చెట్టు పెరిగేదాకా ఏళ్ళు ఆగాలి. చవకైన రంగుపొడితో ఇది పోటీ పడలేదు. కోట్‌పాడ్‌లో ఆ విద్య మిగలడం మన అందరి అదృష్టం. అది కొనసాగాలంటే నేతవారికి గిట్టుబాటు ధర ఎంత అవసరమో, చుట్టుపక్కల కొత్త తొగరు మొక్కలు నాటడం కూడా అంతే అవసరం.

కోట్‌పాడ్ బట్టలో చలువ చేయని నూలు తెలుపు, తొగరు ఎరుపు, నల్లని గోధుమరంగు తప్ప మరో వర్ణం సాధారణంగా ఉండదు. పీత, చేప, శంఖం, పడవ, గొడ్డలి, గొడుగు వంటి ఆకారాలు ఆ మూడింటిలోనే ఒదుగుతాయి. ఇంత తక్కువ రంగులతో ఆ వస్త్రం అంత నిండుగా ఎలా కనిపిస్తుందన్న ప్రశ్నకు ఫ్రెంచి రసాయనజ్ఞుడు షెవ్రల్ పరిశోధనలో జవాబు ఉంది. కొవ్వులు సబ్బుగా ఎలా మారతాయో మొదట వివరించినవాడు ఆయనే. ప్యారిస్‌లోని గోబ్లాఁ నేతశాలలో అద్దకాల విభాగానికి అధిపతిగా ఉండగా, నల్ల దారం చాలినంత నల్లగా లేదని ఆయనకు ఫిర్యాదు వచ్చింది. పరీక్షించి చూస్తే రంగులో దోషమేమీ లేదు. పక్కన నేసిన నీలి, ఊదా దారాల వల్ల నలుపు బలహీనంగా తోస్తున్నది. పక్కపక్కన ఉన్న రంగులు కంటిలో ఒకదాన్నొకటి మారుస్తాయన్న సూత్రాన్ని ఆయన 1839లో గ్రంథంగా ప్రకటించాడు. పాలిపోయిన నూలు తెలుపు పక్కన తొగరు ఎరుపు మరింత గాఢంగా, నల్లటి అంచు పక్కన మరింత వెచ్చగా కనిపించేది ఈ సూత్రం వల్లనే.

రంగులు పక్కపక్కన ఉన్నప్పుడే కాకుండా, ఒకదాని తర్వాత ఒకటి వచ్చినప్పుడు కూడా ఇటువంటిదే జరుగుతుంది. ప్రయాణం మన చూపును పదును పెట్టడానికి ఇదొక కారణం. భాద్రపదంలో రాయగడ నుంచి కోరాపుట్ వైపు బస్సులో వెళ్తున్నవారి కంటికి గంటల తరబడి వరి పచ్చ, అడవి పచ్చ తప్ప మరేదీ ఆనదు. ఆకుపచ్చకు స్పందించే కణాల స్పందన క్రమంగా తగ్గుతుంది. ఆ తరుణంలో ఘాట్‌లో కోసిన ఎర్రమట్టి కట్ట ఎదురైతే, వేసవిలో అదే చోట కనిపించిన దానికంటే ఎంతో ఎర్రగా తోస్తుంది. వాన తడి దాన్ని నిజంగానే ముదురు చేసి ఉంటుంది. కన్ను దానికి తన వంతు కలుపుతుంది.

కోట్‌పాడ్ దాకా వెళ్ళి బట్ట కొనాలనుకునేవారికి ఇందులో పనికొచ్చే సంగతి ఒకటి ఉంది. ఎల్‌ఈడీ దీపాల వెలుగులో, ముఖ్యంగా చవక రకాల్లో, ఎరుపు కాంతి సూర్యకాంతిలో ఉన్నంతగా ఉండదు. తొగరు ఎరుపు ఆ వెలుగులో చప్పగా, కాస్త మట్టిరంగుగా కనిపిస్తుంది. చీరను గుమ్మం బయటికి తెచ్చి, నీడలో, పగటి వెలుతురులో మడత విప్పి చూడాలి. నేతవారి ఇళ్ళలో మగ్గం దగ్గర అడిగితే అద్దిన నూలు చిలపలు కూడా చూపిస్తారు. ఒకటి రెండు విడతలే అద్దినదాన్ని, పూర్తిగా అద్దినదాన్ని పక్కపక్కన పెట్టి చూస్తే వారాల శ్రమ ఎక్కడికి వెళ్ళిందో తెలుస్తుంది.